బస్సుకు నిబంధనలున్నాయి, పక్క వాహనానికి పట్టింపు లేదు

న్యూఢిల్లీ: ఏటా జూన్‌లో బడులు తెరిచే ముందు తెలుగు రాష్ట్రాల్లో రవాణా శాఖ అధికారులు స్కూలు బస్సులకు ఫిట్‌నెస్ పరీక్షలు నిర్వహిస్తారు. బ్రేకులు, టైర్లు, అత్యవసర ద్వారం, ప్రథమ చికిత్స పెట్టె అన్నీ తనిఖీకి వస్తాయి. ఇది అవసరమే. అయితే బస్సు దిగి రోడ్డు దాటే పిల్లవాడి భద్రత ఆ ధ్రువపత్రంలో ఇమడదు. అది అదే దారిలో వస్తున్న ఇతర వాహనదారుల చేతిలో ఉంటుంది.

దేశంలో స్కూలు బస్సు నిబంధనలు చాలావరకు విషాదాల వెంట వచ్చినవే. 1997 నవంబరులో ఢిల్లీలోని వజీరాబాద్ వంతెన పైనుంచి బస్సు యమునా నదిలో పడి 28 మంది విద్యార్థులు మరణించారు. స్కూలు బస్సు డ్రైవరుకు భారీ వాహనాలు నడపడంలో కనీసం ఐదేళ్ల అనుభవం ఉండాలని ఆ ఏడాదే ఎం.సి.మెహతా కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. 2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేట వద్ద కాపలా లేని లెవెల్ క్రాసింగులో స్కూలు బస్సును రైలు ఢీకొన్న ఘటన దేశాన్ని కలచివేసింది. బ్రాడ్‌గేజ్ మార్గాల్లో అటువంటి క్రాసింగుల తొలగింపు 2019 జనవరి నాటికి పూర్తయింది. 2024 ఏప్రిల్‌లో హర్యానాలోని మహేంద్రగఢ్ జిల్లాలో బస్సు బోల్తాపడి ఆరుగురు విద్యార్థులు చనిపోగా, మళ్లీ తనిఖీలు ముమ్మరమయ్యాయి. ప్రతిసారీ దృష్టి బస్సుపైనే నిలిచింది.

పసుపు రంగును ప్రామాణికం చేసిన అమెరికాలో బాధ్యత బస్సుతో ముగియదు. ఎర్ర దీపాలు మెరుస్తూ 'స్టాప్' పలక తెరుచుకుంటే వెనుక వాహనాలు ఆగాలి. డివైడరు లేని రోడ్డుపై ఎదురుగా వచ్చేవీ ఆగాలి. భారత్‌కు రంగు వచ్చింది, ఆగే అలవాటు రాలేదు. ఇక్కడ బస్సు ఆగగానే వెనుకనుంచి హారన్లు మొదలవుతాయి. ద్విచక్ర వాహనాలు బస్సుకూ రోడ్డు అంచుకూ మధ్య ఎడమవైపు సందులోంచి దూసుకుపోతాయి. పిల్లలు కాలు మోపేది సరిగ్గా అక్కడే.

బస్సు ముందునుంచి దాటే చిన్నారి ఎత్తు తక్కువ కావడంతో పక్కనుంచి వచ్చే డ్రైవరుకు చివరి క్షణం వరకూ కనిపించడు. గంటకు 50 కిలోమీటర్ల వేగంలో డ్రైవరు తేరుకునే ఒక్క సెకనులోనే వాహనం దాదాపు 14 మీటర్లు ముందుకు వెళ్తుంది. 30 కిలోమీటర్ల వేగంలో అది 8 మీటర్లకు తగ్గుతుంది. బ్రేకు పని మొదలయ్యేది ఆ తర్వాతే. పాదచారులు, వాహనాలు కలగలిసే చోట్ల 30 కిలోమీటర్ల పరిమితి ఉండాలని 2020 నాటి స్టాక్‌హోమ్ ప్రకటన కోరింది. భారత్‌లో 2018 నాటి కేంద్ర నోటిఫికేషన్ పురపాలక పరిధిలో కార్లకు 70 కిలోమీటర్ల గరిష్ఠ వేగాన్ని అనుమతించింది. దాన్ని తగ్గించే అధికారం రాష్ట్రాలకు ఉంది. బడి ముందు ఎన్ని చోట్ల తగ్గించారన్నదే ప్రశ్న.

కేంద్ర రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో రోడ్డు ప్రమాదాల్లో 32,825 మంది పాదచారులు మరణించారు. మొత్తం మృతుల్లో 18 ఏళ్ల లోపువారు 9,528 మంది. కాలిబాట హక్కు జీవించే హక్కులో భాగమని 2025 మేలో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాలిబాట లేని వీధిలో దిగే పిల్లవాడికి మాత్రం ప్రస్తుతానికి డ్రైవరు సంయమనమే దిక్కు.

నగరాల్లో ఈ-చలాన్ కెమెరాలు హెల్మెట్ లేనివారిని, సిగ్నల్ దాటినవారిని ఇప్పటికే పట్టిస్తున్నాయి. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో స్కూలు బస్సు పలకకే కెమెరా అమర్చి, ఆగని వాహనాలకు జరిమానా పంపుతున్నారు. ఇక్కడ వచ్చే జూన్ తనిఖీల జాబితాలో అటువంటి కెమెరాను చేర్చడానికి అడ్డు సాంకేతికత కాదు.