రుచికి మార్కులు ఎవరు వేస్తారు?

అమెరికాలో బీరు రుచి చూసి మార్కులు వేయడానికి పరీక్ష రాసి పాసైన జడ్జిలు ఉన్నారు. బీర్ జడ్జ్ సర్టిఫికేషన్ ప్రోగ్రాం అనే సంస్థ 1985 నుంచి వాళ్ళను తయారుచేస్తోంది. జడ్జి చేతిలో ఒక కాగితం ఉంటుంది. మొత్తం 50 మార్కులు. వాసనకు 12, రూపానికి 3, రుచికి 20, నోటికి తగిలే తీరుకు 5, మొత్తంగా ఎలా ఉందో చెప్పడానికి 10. జవాబు పత్రాలు దిద్దే మన టీచర్లకు ఈ కాగితం చూడగానే అర్థమవుతుంది.

మన ఇప్పసారాకు కూడా ఒక కాగితం ఉంది. దాని పేరు పంచనామా. అందులో వాసనకు మార్కులు ఉండవు. ఎవరి ఇంట్లో దొరికింది, ఎన్ని లీటర్లు, ఎన్ని కుండలు పగలగొట్టారు అన్న లెక్కలే ఉంటాయి. కింద సాక్షుల వేలిముద్రలు ఉంటాయి. ఒక పానీయానికి మార్కుల కాగితం, ఇంకో పానీయానికి నేరపు కాగితం ఎలా వచ్చాయో మన పిల్లలకు ఎవరూ చెప్పలేదు. అది చెప్పాల్సిన పని మనది.

హాప్స్ దండిగా వేసిన ఎర్ర రై బీరునే తీసుకుందాం. రై అంటే గోధుమకు దగ్గరి చుట్టమైన చలిదేశపు ధాన్యం. ఉత్తర యూరప్‌లో, తూర్పు యూరప్‌లో తరతరాలుగా పేదవాడి నల్లరొట్టె దీనితోనే చేశారు. ఈ బీరులో బార్లీ మొలకలతో పాటు కొంత రై కలుపుతారు. రై గింజకు పైపొట్టు నిలవదు. వేడినీళ్ళలో వేస్తే జావ జిగురుకట్టి, వడకట్టేటప్పుడు నీళ్ళు కిందికి దిగవు. అప్పుడు వాళ్ళు ఏం కలుపుతారో తెలుసా? వరి ఊక. మన మిల్లుల దగ్గర కుప్పలుగా పడి ఉండే ఊకే అక్కడ బీరుకు దారి ఇస్తోంది. ఎరుపు రంగు కోసం బార్లీ మొలకలను తడిమీదే వేడిచేసి, లోపలి చక్కెర కమిలేదాకా వేయిస్తారు. హాప్స్ అనేది ఒక తీగ. దాని ఆడపూలను మరుగుతున్న రసంలో ముందు వేస్తే చేదు దిగుతుంది, చివర వేస్తే వాసన నిలుస్తుంది.

జడ్జి గ్లాసు అందుకోగానే తాగడు. ముందు వాసన చూస్తాడు, ఎందుకంటే వాసన ఆగదు, ఎగిరిపోతుంది. తర్వాత వెలుతురుకు ఎదురుగా పట్టి రంగు చూస్తాడు. నురగ ఎంతసేపు నిలిచిందో చూస్తాడు. రై ఇచ్చే మిరియాల లాంటి ఘాటు తెలుస్తోందా? హాప్స్‌లో పంపరపనస తొక్క వాసన ఉందా, దేవదారు బంక వాసన ఉందా? కమిలిన చక్కెర తీపి, హాప్స్ చేదు ఒకదాన్నొకటి మోస్తున్నాయా, ఒకటి రెండోదాన్ని తొక్కేసిందా? మింగాక చేదు గొంతులో ఎంతసేపు ఉంది, వగరుగా మారిందా? తప్పులకూ పేర్లున్నాయి. వెన్న వాసన వస్తే ఈస్టు తన పని ముగించకముందే తొందరపడ్డారని అర్థం. తడిసిన అట్టముక్క వాసన వస్తే గాలి తగిలి పాతబడిందని అర్థం. ప్రతి తప్పు వెనుకా ఒక కారణం, ప్రతి కారణానికీ ఒక దిద్దుబాటు. తనకు నచ్చిందా లేదా అన్నది అక్కడ ప్రశ్న కాదు. ఎర్ర రై బీరు అని పేరు పెట్టినవాడు ఆ పేరు నిలబెట్టాడా లేదా అన్నదే ప్రశ్న.

ఇది గొప్ప పద్ధతి. నేను దీన్ని వెక్కిరించను. కానీ ఇది మన కొండల్లో లేని పద్ధతి అని ఎవరైనా అంటే ఒప్పుకోను. జీలుగు చెట్టు గీసేవాణ్ణి అడగండి. పొద్దున దించిన కల్లు తీపి, ఎండ ముదిరేసరికి ఘాటు, పొద్దుగూకేసరికి పులుపు. ఒక్క గుక్కతో అది ఎప్పుడు దించిందో చెబుతాడు. కుండ సరిగా కడగలేదనీ, పాత కల్లు కలిపారనీ చెబుతాడు. ఇప్పపువ్వు ఏరే మన ఆడవాళ్ళు తేమకు నల్లబడిన పువ్వును చేత్తో ముట్టుకునే పక్కన పెడతారు. మొదట దిగిన సారాకూ చివర దిగిన సారాకూ తేడా వాళ్ళకు నాలుక చివర తెలుసు. తప్పు, కారణం, దిద్దుబాటు అన్నీ ఉన్నాయి. లేనిది కాగితం ఒక్కటే.

కాగితం లేనివాడికి పేరు పెట్టే హక్కు కూడా పోతుంది. వాళ్ళు చేతితో, కొద్దికొద్దిగా చేసేదాన్ని 'క్రాఫ్ట్' అన్నారు. మనం చేతితో, కొద్దికొద్దిగా చేసేదాన్ని 'నాటు' అన్నారు. అదే మాట కోడికి తగిలిస్తే ధర పెరుగుతుంది, సారాకు తగిలిస్తే కేసు అవుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2015లో మైక్రోబ్రూవరీలకు నియమాలు తెచ్చింది. ఇప్పుడు హైదరాబాద్‌లో అద్దాల మేడల్లో అక్కడికక్కడే కాచి, అక్కడే పోస్తారు. కాచడం నేరం కాదన్నమాట. ఎవరు కాచారు, ఎక్కడ కాచారు అన్నదే లెక్క.

చట్టం ఆకాశం నుంచి ఊడిపడదు. అమెరికాలోనూ ఇంట్లో బీరు కాచుకోవడం 1978 దాకా కేంద్ర చట్టం ప్రకారం నేరమే. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ ఒక చట్టంపై సంతకం చేశాడు. ఇద్దరు పెద్దవాళ్ళున్న ఇంట్లో ఏడాదికి 200 గ్యాలన్ల దాకా పన్ను లేకుండా కాచుకోవచ్చన్నారు. వంటింట్లో, కారు షెడ్డులో కాచినవాళ్ళే తర్వాత కంపెనీలు పెట్టారు. ఈ ఎర్ర రై బీర్లూ, ఈ జడ్జిలూ, ఈ 50 మార్కులూ అన్నీ ఆ సంతకం తర్వాత పెరిగిన పంట.

అయితే ఆ గ్లాసులో ఇంకో కథ కూడా ఉంది. అమెరికా హాప్స్‌లో అత్యధిక భాగం వాషింగ్టన్ రాష్ట్రంలోని యకిమా లోయలో పండుతుంది. అది యకమా ఆదివాసుల నేల. 1855 ఒప్పందంలో వాళ్ళు కోటి ఎకరాలకు పైగా భూమి వదులుకోవాల్సి వచ్చింది. తర్వాతి కాలంలో ఆ ప్రాంతపు హాప్ తోటల్లో ఆదివాసులే కూలికి పూలు కోశారు. ఆదివాసులకు మద్యం అమ్మకూడదన్న కేంద్ర నిషేధం 1953 దాకా ఉంది. నేల వాళ్ళది, కోత వాళ్ళది, గ్లాసు మాత్రం ఇంకొకరిది. ఈ లెక్క మనకు కొత్తదా?

మన రంప కొండల్లో 1879లో ఏం జరిగింది? కల్లు మీద అప్పటికే మన్సబుదారు చిగురుపన్ను వసూలు చేసేవాడు. దానిపైన మద్రాసు ప్రభుత్వం కల్లు హక్కును మైదానపు గుత్తేదార్లకు అప్పగించింది. సొంత అవసరానికి గీసుకున్నా డబ్బు కట్టమన్నారు. కారం తమ్మన్నదొర వంటివాళ్ళ వెంట కొండలు లేచిన తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో ఇది ఒకటి. పాఠ్యపుస్తకంలో దాన్ని ఒక్క వాక్యంలో చదివి దాటేస్తాం. తాత నాటి చెట్టు, తాత గీసిన గెల, పన్ను మాత్రం ఎవరికో కట్టాలి అన్నప్పుడు పుట్టిన కోపం అది.

ఇక్కడ నన్ను ఆపి అడిగేవాళ్ళు ఉంటారు. సారూ, తాగుడుతో మన గూడేలు ఆరిపోతుంటే మీరు సారా గొప్పలు చెబుతారా అని. అడగాల్సిన ప్రశ్నే. అల్లూరి సీతారామరాజు కూడా మన్యంలో తాగుడు మానమనే చెప్పాడు. జార్ఖండ్‌లో తానా భగత్‌లు తాగుడు వదిలేసే పోరాటంలోకి దిగారు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ళు మొదలుపెట్టిన సారా వ్యతిరేక ఉద్యమం మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా అమ్మకాన్ని ఆపించింది. వాళ్ళలో ఏ ఒక్కరికీ నేను ఎదురు మాట్లాడను. తాగని ఇల్లు బాగుపడిన ఇల్లే.

కానీ ఏం తాగి మన వాళ్ళు పోతున్నారో కూడా చూడండి. నల్లబెల్లం, పటిక వేసి కాచినదాన్ని ఇప్పసారా అని అమ్ముతున్నారు. తెలంగాణలో క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, అల్ప్రజోలం కలిపిన కల్లు మళ్ళీ మళ్ళీ పట్టుబడుతోంది. దానికి తోడు బెల్టు షాపు క్వార్టరు సీసా. పండక్కి, పెళ్ళికి, చావుకి, దేవతకు ముందు ఆకులో పోసి ఇచ్చే పానీయం ఒకటి. రోజూ కూలి డబ్బు మింగే సీసా ఇంకొకటి. రెండింటినీ ఒకే మాటతో తిట్టేవాడు సీసా అమ్మేవాడికే మేలు చేస్తున్నాడు. రుచి తెలిసిన నాలుక కల్తీని పట్టుకునే మొదటి కాపలా. మందు కలిపిన కల్లును ఉమ్మేయగలిగేది మంచి కల్లు రుచి తెలిసినవాడే. రుచి పోయాక మిగిలేది మత్తే. మత్తు కోసమే తాగేవాడికి ఏది పోసినా ఒకటే.

ఇంకో ప్రమాదం కూడా ముంగిట్లోకి వచ్చింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా అమ్ముతామని ప్రకటించింది. గౌరవం దొరికిందని మురిసిపోకండి. సీసా మీద మన బొమ్మ, లోపల మన పువ్వు, లాభం ఎవరికి అని అడగండి. రేపు ఇప్పసారాకు కూడా 50 మార్కుల కాగితం వస్తుంది. ఆ కాగితం మీద మాటలు మనవి కాకపోతే, మన అవ్వ కాచినదాన్నే తప్పు అని కొట్టేస్తారు. 1996 పెసా చట్టం షెడ్యూల్డ్ ప్రాంతాల్లో మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే, నియంత్రించే అధికారం పంచాయతీలకు, గ్రామసభకు ఉండాలంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తులపై యాజమాన్యమూ వాళ్ళదే అంది. ఊళ్ళో ఏది ఉండాలి, ఏది ఉండకూడదు అన్నది గ్రామసభే తేల్చాలి. గూడెం ఆడవాళ్ళు కూర్చుని వద్దంటే వద్దు. ఉంచాలంటే ఎంత, ఎప్పుడు, ఎలాంటిది అన్నది కూడా వాళ్ళే చెప్పాలి. ఎక్సైజు జీపు కాదు, బెల్టు షాపువాడు కాదు, వారసత్వం పేరుతో వచ్చే కంపెనీ అంతకన్నా కాదు.

తోటి టీచర్లకు నా మాట ఇది. బడిలో సారా గురించి పాఠం చెప్పమనడం లేదు. పిల్లలు తాగకూడదు, అందులో రెండో మాట లేదు. కానీ రుచి చూడటం నేర్పడానికి సారా అక్కర్లేదు. రెండు వాగుల నీళ్ళు, రెండు రకాల తేనె, కరక్కాయ, చింతపండు, రాగి అంబలి చాలు. ముందు వాసన, తర్వాత రంగు, తర్వాత నాలుక మీద ఏం జరిగిందో పిల్లలతో చెప్పించండి. ఇంట్లో అవ్వ ఆ రుచిని ఏ మాటతో అంటుందో అడిగి రాసుకు రమ్మనండి. కోయలో, గోండిలో, కువిలో, సవరలో ఏ మాట ఉంటే ఆ మాటే రాయండి. తెలుగులో ఇప్ప, తమిళంలో ఇలుప్పై, గోండిలో ఇరుప్. ఈ మాటలు చుట్టాలు. పుస్తకంలోకి మొదటి రెండూ ఎక్కాయి, మూడోది బడి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! పట్నం వెళ్ళి ఎర్ర బీరు గ్లాసు ముందు కూర్చున్నవాడు దాని వాసనకు పది మాటలు చెబితే నోరు తెరిచి చూడకండి. ఆ పది మాటలూ అతను నేర్చుకున్నవే. మీ గూడెంలో జీలుగు గీసే తాత దగ్గర అంతకన్నా ఎక్కువ మాటలున్నాయి. తాగమని కాదు, ఆ మాటలు రాసుకోమని అడుగుతున్నాను. తాత ఉండగానే రాయండి.