ఇల్లాలి పేజీ: మిగిలిన మఫిన్లు ఎవరి వంతు?



ఈ నెల మన శీర్షికకు అమెరికా నుండి ఒక ఉత్తరం వచ్చింది. న్యూజెర్సీలో ఉన్న కుమార్తెకు పురుడు పోయడానికి వెళ్ళిన ఒక తల్లి వ్రాశారు. "ఇక్కడ ఇంగ్లీష్ మఫిన్లు అని గుండ్రటి రొట్టెలు ప్యాకెట్టుకు ఆరు చొప్పున అమ్ముతారు. ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్న వారం మా అల్లుడుగారు రెండు ప్యాకెట్లు తెస్తారు. మెత్తగా ఉన్న రెండు మూడు రోజులు అందరూ తింటారు. ఆ తరువాత ఎవరూ ముట్టరు. పారవేయడానికి నాకు చేతులు రావు. పొద్దున్నే టీలో ముంచుకుని నేనే తినేస్తున్నాను. అమ్మాయి చూసి కోప్పడుతోంది. వీటితో ఇంకేమైనా చేయవచ్చునా?" అని అడిగారు.

ఈ ఉత్తరంలో నాకు రెండు ప్రశ్నలు కనిపించాయి. మిగిలిన మఫిన్లతో ఏమి చేయాలి అన్నది ఒకటి. అవి ఎవరు తినాలి అన్నది రెండవది. ఆమె అడిగింది మొదటిదే గనుక ముందు దానికి జవాబు చెప్పుకుందాం.

అసలు ఈ మఫిన్ ఏమిటి?

అమెరికాలో ఉత్త మఫిన్ అంటే కేకు వంటి తీపి పదార్థం. ఇంగ్లీష్ మఫిన్ అది కాదు. ఇది మైదాపిండిని ఈస్టుతో పొంగించి, మన దిబ్బరొట్టెలాగా రెండు వైపులా పెనం మీద కాల్చే రొట్టె. అంటుకోకుండా అడుగున మొక్కజొన్న రవ్వ చల్లుతారు. పిండి జారుగా ఉంటుంది గనుక లోపల చిన్న చిన్న గుంటలు ఏర్పడతాయి. వెన్న రాస్తే ఆ గుంటలలో నిలుస్తుంది. అందుకే దీనిని చాకుతో కోయకుండా అంచు చుట్టూ ఫోర్కుతో గుచ్చి చేతితో విడదీయాలంటారు. ఈ సలహా కొత్తది కాదు. 1747లో ఇంగ్లండులో హన్నా గ్లాస్ అనే ఆమె ప్రచురించిన వంటల పుస్తకంలోనే మఫిన్లకు చాకు తగలనీయవద్దని ఉంది.

పందొమ్మిదవ శతాబ్దంలో లండన్ వీధులలో మఫిన్లు అమ్మేవారు తల మీద పళ్ళెం పెట్టుకుని, చేతిగంట మోగిస్తూ తిరిగేవారు. ఇంగ్లండు నుండి 1874లో న్యూయార్కుకు వచ్చిన శామ్యూల్ బాత్ థామస్ 1880లో అక్కడ స్వంత బేకరీ తెరిచాడు. ఆయన పేరుతోనే ఈ మఫిన్లు నేటికీ అమెరికా అంతటా అమ్ముడవుతున్నాయి.

ముందు నిలవ సంగతి

మఫిన్ గట్టిపడటానికి కారణం తేమ ఆరిపోవడం ఒక్కటే కాదు. కాల్చిన రొట్టె చల్లారిన తరువాత అందులోని పిండిపదార్థం క్రమంగా బిగుసుకుంటుంది. ఫ్రిజ్ చల్లదనంలో ఇది మరింత త్వరగా జరుగుతుంది. ఫ్రిజ్‌లో బూజు ఆలస్యంగా పట్టే మాట నిజమే గాని, రొట్టె బయటకంటే ముందే గట్టిపడుతుంది. ఫ్రీజర్‌లో మాత్రం ఈ బిగుసుకోవడం దాదాపు ఆగిపోతుంది.

కనుక రెండు ప్యాకెట్లు వచ్చిన రోజునే ఒకటి బయట ఉంచి, రెండవది ఫ్రీజర్‌లో పెట్టండి. పెట్టేముందు ప్రతి మఫిన్‌ను రెండుగా విడదీసి, గాలి లేకుండా కవరులో మూసి, పైన తేదీ వ్రాయండి. రెండు మూడు నెలల వరకు రుచి బాగుంటుంది. కావలసినప్పుడు తీసి నేరుగా టోస్టరులో వేసుకోవచ్చు. ముందే విడదీయకపోతే గడ్డకట్టిన మఫిన్‌తో పొద్దున్నే కుస్తీ పట్టవలసి వస్తుంది.

గట్టిపడిన రొట్టె చెడిపోయిన రొట్టె కాదు. వేడి తగిలితే బిగిసిన పిండి మరల కొంతసేపు మెత్తబడుతుంది. నీళ్ళు చిలకరించి కాలిస్తే చాలు. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో, 1917లో, బ్రిటన్ ప్రభుత్వం కాల్చి 12 గంటలు కాని రొట్టెను అమ్మరాదని ఆజ్ఞ జారీచేసింది. తాజా రొట్టె అయితే జనం ఎక్కువ తినేస్తారని, గోధుమలు ఆదా చేయాలని దాని ఉద్దేశం.

బూజు పట్టిన దాని సంగతి వేరు. ఒక మూల చిన్న మచ్చ కనిపించినా ఆ మఫిన్‌ను పూర్తిగా పారవేయాలి. మెత్తని రొట్టెలో బూజు వేళ్ళు కంటికి కనిపించనంత లోపలికి పోతాయి. మచ్చ గిల్లివేసి మిగిలింది తినడం పొదుపు కాదు. అమ్మగారూ, ఈ ఒక్క విషయంలో మీ చేతులు వెనుకాడవద్దు.

ఇక వంటకు వద్దాం

మొదటిది ఉప్మా. నాలుగు మఫిన్లను చిన్న ముక్కలుగా తుంచండి. రెండు చెంచాల నూనెలో ఆవాలు, మినప్పప్పు, శనగపప్పు, కరివేపాకు పోపు వేసి, ఒక ఉల్లిపాయ, రెండు పచ్చిమిరపకాయలు, ఒక టమాటా వేయించండి. చిటికెడు పసుపు వేయండి. ముక్కలు వేసి, పావు కప్పు నీళ్ళు చేతితో చిలకరించి, మూతపెట్టి సన్నని సెగ మీద మూడు నిమిషాలు ఉంచండి. దించి నిమ్మరసం పిండండి. మఫిన్‌లో ముందే ఉప్పు ఉంటుంది గనుక రుచి చూసిన తరువాతనే ఉప్పు వేయండి. ముగ్గురికి సరిపోతుంది. దాల్చినచెక్క, ఎండుద్రాక్ష వేసిన తీపి మఫిన్లు ఉప్మాకు పనికిరావు. ప్యాకెట్టు చూసి తీసుకోండి.

ఆ తీపి మఫిన్లు బొంబాయి టోస్టుకు బాగుంటాయి. మామూలు మఫిన్లతోనూ చేయవచ్చు. నాలుగు మఫిన్లను ఎనిమిది బిళ్ళలుగా విడదీయండి. మూడు గ్రుడ్లు, ఒక కప్పు పాలు, రెండు పెద్ద చెంచాల పంచదార, యాలకుల పొడి కలిపి గిలకొట్టండి. బ్రెడ్ ముక్కలాగా ముంచి తీస్తే చాలదు. ఇది మందంగా ఉంటుంది గనుక ఒక్కొక్క వైపు అయిదేసి నిమిషాలు నాననీయండి. తరువాత నేతితో గాని వెన్నతో గాని పెనం మీద సన్నని సెగన ఎర్రగా కాల్చండి.

మూడవది పిల్లలకు. మఫిన్ బిళ్ళలను ముందు టోస్టరులో కొద్దిగా కాల్చండి. అలా చేయకపోతే పైన వేసిన టమాటా సాస్‌కు మెత్తబడి ముద్దయిపోతుంది. కాల్చిన బిళ్ళ మీద సాస్ పూసి, సన్నగా తరిగిన ఉల్లి, బెంగుళూరు మిరప వేసి, తురిమిన చీజ్ చల్లండి. 400 ఫారెన్‌హీట్ డిగ్రీల ఓవెన్‌లో ఎనిమిది పది నిమిషాలు ఉంచితే చిన్న చిన్న పిజ్జాలు తయారు. మసాలా వేసి వండిన కోడికూర మిగిలితే ముక్కలు చిదిమి పైన వేయవచ్చు. అప్పుడు రెండు మిగుళ్ళు ఒక్కసారే చెల్లిపోతాయి.

నాలుగవది ఆదివారం ఉదయానికి. ఆరాధనకు తయారయ్యే హడావిడిలో పొయ్యి దగ్గర నిలబడే తీరిక ఎవరికీ ఉండదు. శనివారం రాత్రే ఆరు మఫిన్లను అంగుళం ముక్కలుగా తుంచి, 9 అంగుళాల వెడల్పు, 13 అంగుళాల పొడవు ఉన్న ఓవెన్ పాత్రకు వెన్న రాసి అందులో పరవండి. వేయించిన ఉల్లిపాయ, పచ్చిమిరప, కొత్తిమీర, ఒక కప్పు చీజ్ తురుము చల్లండి. ఎనిమిది గ్రుడ్లు, రెండు కప్పుల పాలు, అర చెంచా ఉప్పు, కొంచెం మిరియాల పొడి గిలకొట్టి పైన పోయండి. మూతపెట్టి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. ఉదయం 350 డిగ్రీల ఓవెన్‌లో ముప్పావు గంట కాల్చండి. నడుమ చాకు గుచ్చితే పచ్చి గ్రుడ్డు అంటకుండా రావాలి. ఆరేడుగురు కడుపునిండా తినవచ్చు. దీనికి తాజా మఫిన్లకంటే గట్టిపడినవే మేలు. పాలను బాగా పీల్చుకుంటాయి, చితికిపోవు.

చివరకు ఒకటి రెండు మాత్రమే మిగిలితే ముక్కలు చేసి 300 డిగ్రీల ఓవెన్‌లో కరకరలాడేవరకు ఆరబెట్టి మిక్సీలో పొడి చేయండి. కట్‌లెట్లకు పైన అద్దడానికి, లోపల కలపడానికి ఆ పొడి ఉపయోగపడుతుంది. ఫ్రీజర్‌లో డబ్బాలో నిలవ ఉంటుంది.

మన ఊళ్ళలో మఫిన్లు లేకపోతేనేమి? బేకరీ బన్నులు, బ్రెడ్డు మిగిలినప్పుడు ఇవన్నీ వాటితోనూ చేయవచ్చు. నానబెట్టే సమయం మాత్రం తగ్గించుకోండి.

ఎవరి వంతు?

ఇప్పుడు రెండవ ప్రశ్న. మన ఇళ్ళలో చాలా కాలంగా ఒక అలవాటున్నది. వేడి అన్నం భర్తకు, పిల్లలకు. రాత్రి మిగిలిన చద్ది ఇంటి ఇల్లాలికి. పగిలిన దోశ, మాడిన రొట్టె, కూర అడుగు, ఇవన్నీ అడగకుండానే ఆమె వంతు. ఆమె ప్రేమతోనే చేస్తుంది. అందులో సందేహం లేదు. కాని చూసే పిల్లలు ఏమి నేర్చుకుంటారు? మిగిలింది అమ్మ తింటుంది, మనం పట్టించుకోనక్కరలేదు అని నేర్చుకుంటారు. అమ్మ సముద్రం దాటి వెళ్ళినా ఆ అలవాటు ఆమెతో వెళ్ళింది. చద్దన్నం స్థానంలో మఫిన్ వచ్చింది, అంతే.

యోహాను సువార్త 6వ అధ్యాయం జ్ఞాపకం చేసుకోండి. అయిదు యవల రొట్టెలు, రెండు చిన్న చేపలతో మన ప్రభువు అయిదువేల మంది పురుషులున్న సమూహాన్ని తృప్తిపరచాడు. ఎంత కావాలంటే అంత పుట్టించగల ప్రభువు మిగిలిన ముక్కలను వృథా కానీయలేదు. వాటిని ఏరి కూర్చమని శిష్యులకు చెప్పాడు. పండ్రెండు గంపలు నిండాయి. ఆ పని ఎవరో ఒక స్త్రీకి అప్పగించలేదు. వడ్డించిన శిష్యులే వంగి ఏరారు. మిగిలిన దానిని కాపాడటం అందరి పని అని ఇక్కడ మనం నేర్చుకోవచ్చు.

రూతు గ్రంథం 2వ అధ్యాయంలో మరొక సంగతి ఉంది. బోయజు పొలంలో రూతుకు పేలాలు ఇచ్చారు. ఆమె మొదట తాను తృప్తిగా తిన్నది. ఆ తరువాత మిగిల్చినది ఇంటికి తెచ్చి అత్తగారైన నయోమికి పెట్టింది. కోడలు కడుపు మాడ్చుకోలేదు, అత్తను మరువలేదు. ఆ ఇంట మిగిలినది ప్రేమగా చేతులు మారింది.

కాబట్టి ఆ తల్లికి నా మనవి: అమ్మగారూ, పారవేయని మీ మనస్సు మంచిది. దానిని మార్చుకోవద్దు. కాని టీ కప్పు పట్టుకుని ఒంటరిగా ఆ గట్టి ముక్కలు తినడం మానండి. వాటిని ఉప్మా చేసి బల్ల మీద పెట్టి, అందరితో పాటు కూర్చుని తినండి. కుమార్తెకు కూడా ఒక మాట: అమ్మా, నీ కోపం వెనుక ఉన్న ప్రేమ నాకు తెలుసు. నీకు ఇప్పుడు విశ్రాంతి అవసరం గనుక ఫ్రీజర్ పని, శనివారం రాత్రి మఫిన్లు తుంచే పని నీ భర్తకు అప్పగించు. బాబూ, తక్కువ ధరకు వచ్చింది గదా అని రెండు తేవడం తప్పు కాదు, రెండవది ఎవరి నోటికి చేరుతుందో ఆలోచించడం కూడా మీ వంతే.

ఒక్క హెచ్చరిక. మిగిలినవి బీదలకు ఇచ్చేద్దాం అని కొందరంటారు. మన ఇంట ఎవరూ ముట్టని గట్టి రొట్టెను ఇంకొకరి చేతిలో పెట్టి దానిని దానమనుకోవద్దు. అమెరికాలో అనేక సంఘాలు అవసరంలో ఉన్నవారికి ఆహారం పంచే గది నడుపుతాయి. ఇవ్వాలని ఉంటే ఉచితంగా వచ్చిన రెండవ ప్యాకెట్టును కొన్న రోజునే, తెరవకుండా, అక్కడ ఇచ్చిరండి. తాజాది పంచుదాం. మిగిలినది మన ఇంట అందరం కలిసి తిందాం.

ఈ నెలలో ఒక్క పూట మీ ఇంట మిగిలిన దానితో ఒక వంటకం చేసి, ప్రార్థన చేసుకుని, ఇంటిల్లిపాదీ ఒకేసారి కూర్చుని తినండి. ముందుగా అమ్మకు వడ్డించండి. ఆ వంటకం ఎలా కుదిరిందో మాకు వ్రాయండి.

మన అనుదినాహారమును దయచేయు దేవుడు మీ బల్లను, మీ గృహమును దీవించును గాక! ఆమేన్.