పేక జడ్జీ చేతికే ఇచ్చెయ్యండి

క్లోజప్ మ్యాజిక్ అంటే స్టేజి మీద మనిషిని రంపంతో రెండుగా కోసే తరహా కాదు. బల్ల మీద, చూసేవాడి ముక్కు కిందే, పేకముక్కలతోనో నాణేలతోనో గిన్నెలూ బంతులతోనో చేసే కనికట్టు. దీనికీ పోటీలున్నాయి, జడ్జీలున్నారు, మార్కులున్నాయి. ఆ జడ్జీలు సాధారణంగా గారడీ తెలిసినవాళ్ళే. గుట్టు తెలిసినవాణ్ణి గుట్టుతో మెప్పించడం ఎలా? పదేళ్ళ బట్టీ ఖాళీ దొరికితే పేక పట్టుకు కూర్చునే నాకు (జూదానికి కాదు లెండి, మా ఆవిడ కూడా ఈ టపాలు చదువుతుంది) ఇది తీరిక లేని ప్రశ్న.

మా టీములో ఓ కుర్రాడు ఇలాంటి పోటీకి తయారవుతున్నాడు. తన ఎనిమిది నిమిషాల ఆట నాకు చూపించి, "అన్నా, ఇంకో రెండు కష్టమైన మూవ్స్ ఇరికిస్తే జడ్జీలు ఫ్లాట్ కదా?" అన్నాడు. కుర్రాడి హస్తలాఘవానికి వంక పెట్టలేం. కానీ ఆట మొత్తం చూస్తే నాకు మన ఐటీవాళ్ళ రెజ్యూమె గుర్తొచ్చింది. తెలిసిన టెక్నాలజీలన్నీ కామాలు పెట్టుకుంటూ వరసగా రాసేస్తాం చూడండి, అచ్చం అలాగే. ఏ ముక్క ఎందుకు మాయమైందో, మాయమైతే ఎవరికి నష్టమో చూసేవాడికి అర్థం కాదు. ఒక్కటే అర్థమవుతుంది: వీడు బాగా ప్రాక్టీసు చేశాడు అని.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. జడ్జీకి మీ కష్టం చూపించాల్సిన పని లేదు. మోసానికి ఉన్న దొడ్డిదారులన్నీ మూసేసి ఉన్నాయని చూపించాలి. ఈ రెండూ ఒకటి కాదు.

"అదేంటి, పోటీ అన్నాక నైపుణ్యమే కదా కొలిచేది? జిమ్నాస్టిక్స్‌లో కష్టమైన ఫీట్‌కి ఎక్కువ మార్కులివ్వట్లేదా?" అంటారా? ఇస్తారు. కానీ అక్కడ కష్టం కంటికి కనిపిస్తుంది. గాలిలో ఎన్ని పల్టీలు కొట్టిందో మనమే లెక్కపెట్టుకోవచ్చు. గారడీలో కష్టం కనిపించిందంటే ఆట పోయినట్టే. పనితనం ఎంత గొప్పదైతే అంత కనబడకుండా పోతుంది. అంటే పాపం జడ్జీ తనకి కనబడని దానికి మార్కులెయ్యాలి. అప్పుడు రెండు రకాలుగా పప్పులో కాలెయ్యొచ్చు. ఒకటి, "ఓస్, ఇంతేనా, తేలికే" అనుకోవడం. రెండు, "ఇది మనిషికి సాధ్యమయ్యే పని కాదు, ఏదో మోసం ఉంది" అనుకోవడం.

ఈ రెండోది నిజంగానే జరిగింది. ఫిస్మ్ అనే అంతర్జాతీయ ఇంద్రజాల సంఘాల సమాఖ్య ఒకటుంది. 1948లో పుట్టింది. మూడేళ్ళకోసారి ప్రపంచ పోటీలు పెడుతుంది. 1988లో ఆ పోటీలు నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో జరిగాయి. స్వీడన్ నుంచి లెనార్ట్ గ్రీన్ అనే ఆయన పేకతో దిగాడు. వృత్తికి వైద్యుడు. ఆయన పద్ధతే వింతగా ఉంటుంది. ముక్కలు జారిపోతుంటాయి, బల్లంతా చిందరవందర, చూస్తే పేక పట్టుకోవడమే రానట్టుంటుంది. ఆ గందరగోళంలోంచే అడిగిన ముక్క అడిగినట్టు బయటికొస్తుంది. వచ్చినవాళ్ళ చేత పేక కలిపించినా సరే, అంతే.

జడ్జీలకి నమ్మకం కుదరలేదు. పేక కలిపినవాళ్ళు ఇతని తోడుదొంగలే అయ్యుంటారని తేల్చారు. తోడుదొంగలని పెట్టుకోవడం ఫిస్మ్ నిబంధనలకి విరుద్ధం. కాబట్టి గ్రీన్‌ని పోటీ నుంచి తప్పించేశారు. నిబంధన మంచిదే, అది లేకపోతే పోటీకి అర్థమే ఉండదు. కానీ "నాకు అంతుబట్టలేదు కాబట్టి ఇది మోసం" అనే తర్కం ఎంత ప్రమాదకరమో చూడండి. నేరం రుజువు కాకుండానే శిక్ష పడింది. అదీ, బాగా చేసినందుకు!

ఆ మనిషి స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో ఊహించగలను. నాలుగు పేజీల మెయిలు రాసి ఊరందరికీ సీసీ పెట్టేవాణ్ణి. మరీ మండితే, చేతులెంత వేగంగా ఆడతాయో అందరికీ కనబడేలా కొత్త ఆట కట్టుకొచ్చేవాణ్ణి. గ్రీన్ ఈ రెండూ చెయ్యలేదు. 1991లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో మళ్ళీ దిగి, అదే ఆట ఆడాడు. మార్చిందల్లా ఒక్కటే: పేక జడ్జీల చేతికిచ్చి వాళ్ళనే కలపమన్నాడు. పేకముక్కల విభాగంలో మొదటి బహుమతి కొట్టుకెళ్ళాడు.

నాకు నచ్చింది గెలుపు కాదు, ఆ ఒక్క మార్పు. కష్టాన్ని ఎప్పట్లాగే దాచిపెట్టాడు. అనుమానానికి దారి మాత్రం మూసేశాడు. తోడుదొంగ ఉన్నాడని అనుమానించాలంటే ఇప్పుడు జడ్జీ తనని తానే అనుమానించుకోవాలి :)

దీని వెనకున్న సిద్ధాంతం మనలాంటి డీబగ్గింగు జీవులకి ఇట్టే అర్థమవుతుంది. స్పెయిన్‌లో హువాన్ తమారిజ్ అని పేక గారడీలో పెద్ద తలకాయ. 1973లో పారిస్ ఫిస్మ్‌లో పేకలో మొదటి బహుమతి ఆయనదే. ఆయన తన పుస్తకంలో చెప్పేదాని సారాంశం ఇది. చూసేవాడి బుర్ర ఊరికే కూర్చోదు, "బహుశా ఇలా చేసుంటాడు" అంటూ ఒక్కో దారిలో వెళ్ళి చూస్తుంది. గారడీవాడు ఆ దారులన్నీ ముందే ఊహించి, ఒక్కొక్కటే మూసుకుంటూ రావాలి. అన్నీ మూసుకుపోయాక మిగిలేదే మాయ. మనం బగ్గు పట్టుకునేటప్పుడు చేసేదీ ఇదే కదా? నెట్‌వర్క్ కాదు, డేటాబేస్ కాదు, కాన్ఫిగరేషన్ కాదు అని కొట్టేసుకుంటూ పోతాం. తేడా ఏమిటంటే, మనకి చివరికి ఏదో ఒకటి మిగలాలి, అక్కడ ఏదీ మిగలకూడదు.

నిపుణుణ్ణి బోల్తా కొట్టించడం అసాధ్యమనుకునేవాళ్ళకి ఇంకో కథ. తొలిరోజుల్లో పేకముక్కల రాజునని చెప్పుకున్న హుడీనీ, ఏ ట్రిక్కైనా మూడుసార్లు చూస్తే గుట్టు చెప్పేస్తానని సవాలు చేసేవాడు. 1922లో షికాగోలో ఒక విందులో డై వెర్నన్ అనే కెనడా కుర్రాడు ఆయనకొక ట్రిక్కు చూపించాడు. హుడీనీ సంతకం చేసిన ముక్కని పైనుంచి రెండోదిగా పెడతాడు, తిప్పితే అదే పైన ఉంటుంది. మూడుసార్లు కాదు, అంతకంటే ఎక్కువసార్లే చూపించాడు. హుడీనీకి అంతుచిక్కలేదు. "హుడీనీని బోల్తా కొట్టించినవాడు" అన్న పేరు వెర్నన్‌కి జీవితాంతం ఉండిపోయింది. హుడీనీకి తెలిసిన దారులు ఎక్కువ, కాబట్టి ఆ దారులన్నీ తిరిగొచ్చాడు. తెలివైనవాడు తన తెలివిలోనే తప్పిపోతాడు.

దారులు మూసేస్తే చాలా అంటే, చాలదు. ఫిస్మ్ జడ్జీలు చూసే అంశాలు ఆరు: పనితనం, ప్రదర్శన, వినోదం, కళాత్మకత, కొత్తదనం, మాయ అనే అనుభూతి. గమనించారా, ఆరింటిలో చేతి పనితనం ఒక్కటే! 2012లో బ్లాక్‌పూల్‌లో క్లోజప్ గ్రాండ్ ప్రీ గెలిచిన ఫ్రెంచి కుర్రాడు యాన్ ఫ్రిష్ ఎంచుకున్నది గిన్నెలూ బంతుల ఆట. రోమన్ల కాలంలో సెనెకా ఉత్తరాల్లోనే దాని ప్రస్తావన ఉంది. మన వీధి గారడీవాళ్ళ సంచీలోనూ అదే ఆట. జడ్జీలకి ఇంతకంటే పాత సరుకు ఏముంటుంది? కానీ ఫ్రిష్ బల్ల ముందు కూర్చుని, ఒక్క మాట లేకుండా, ఆ బంతులే తనని పిచ్చెక్కిస్తున్నట్టు ఆడాడు. మాయ చేసేవాడే మాయకి బాధితుడు! ట్రిక్కు పాతదే, దాని వెనక మనిషి కొత్త.

ఇక మన గోల. అప్రైజల్ కమిటీ కూడా ఒకరకంగా జడ్జీల బల్లే. ఏడాదంతా సర్వరు పడకుండా చూసుకున్నవాడికి "ఏముంది, అంతా స్మూత్‌గానే నడిచింది కదా" అంటారు. అర్ధరాత్రి మంటలు ఆర్పినవాడికి చప్పట్లు. ఇది చూసి చాలామంది నేర్చుకునే పాఠం, తేలికైన డిజైన్‌ని కూడా కష్టంగా కనబడేలా చెయ్యడం. నా మటుకు గ్రీన్ దారే మేలనిపిస్తుంది. డిజైన్ తేలిగ్గానే ఉండనివ్వండి. రివ్యూ చేసేవాళ్ళ చేతికే కీబోర్డిచ్చి "మీరే పడగొట్టి చూడండి" అనండి. స్లైడ్ల మీద ఆర్కిటెక్చర్ బొమ్మలు చెప్పలేనిది ఆ అయిదు నిమిషాలు చెబుతాయి.

అలాగని భారమంతా ఆడేవాడి నెత్తినే వెయ్యడం న్యాయం కాదు. జడ్జీ కుర్చీలో కూర్చున్నవాళ్ళకీ ఒక బాధ్యతుంది. అంతుబట్టనప్పుడు ముందు అనుమానించాల్సింది ఎదుటివాడి నిజాయితీని కాదు, "నాకన్నీ తెలుసు" అనే తన నమ్మకాన్ని. సందేహముంటే అడగొచ్చు, ఇంకోసారి చెయ్యమనొచ్చు, పేక తనే తీసుకుని కలపొచ్చు. కోడ్ రివ్యూలో, ఇంటర్వ్యూ గదిలో మనలో చాలామందిమి ఆ కుర్చీలో కూడా కూర్చుంటాం. మనకి తెలియని పద్ధతిలో సరైన జవాబు చెప్పిన అభ్యర్థిని "ఎక్కడో చూసొచ్చుంటాడు" అని కొట్టిపారేసే ముందు, ఒకసారి పేక మనం కలిపి చూద్దాం. ఏమంటారు?