మొదటి గుక్క ఎవరి చేతి మీదుగా

నల్లగొండ, పాలమూరు (మహబూబ్‌నగర్) ప్రాంతాల్లో పిల్లల మత్తు అలవాట్లపై జరిగే చర్చ ఎప్పుడూ గంజాయితో మొదలై పోలీసు తనిఖీల దగ్గర ముగుస్తుంది. దానికి కారణం లేకపోలేదు. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు కొండల్లో పండే గంజాయి హైదరాబాదుకు, అక్కడి నుంచి మహారాష్ట్రకు చేరే దారుల్లో నల్లగొండ జిల్లాలోని నకిరేకల్ పక్కనుంచి పోయే 65వ నంబరు జాతీయ రహదారి ఒకటి. ఆ రవాణా మూలాలను వెతుకుతూ 2021 అక్టోబరులో విశాఖ ఏజెన్సీ దాకా వెళ్లిన నల్లగొండ జిల్లా పోలీసులు లంబసింగి ఘాట్ దగ్గర రాళ్లదాడిని ఎదుర్కొని కాల్పులు జరిపారు. 2024 జనవరిలో, ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లాలో భాగమైన కొత్తూరులో, గంజాయి కలిపిన చాక్లెట్లు బడిపిల్లల చేతుల్లోకి చేరిన సంగతి వెలుగుచూసింది. ఇవన్నీ ఆందోళన కలిగించేవే. అయినా ఈ ప్రాంతంలో అత్యధిక సంఖ్యాకులైన పిల్లలకు మత్తు మొదట పరిచయమయ్యేది రహదారి మీద కాదు, ఇంట్లో, పెద్దల సమక్షంలో, చాలాసార్లు వారి చేతి మీదుగానే. తల్లిదండ్రుల నివారణ ప్రయత్నం అక్కడి నుంచి మొదలుకాకపోతే ఎన్ని తనిఖీలు జరిగినా ఫలితం అంతంతమాత్రంగానే ఉంటుంది.

2019–21 మధ్య జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 ఏళ్లు నిండిన పురుషుల్లో మద్యం తాగేవారు దేశం మొత్తం మీద సుమారు 19 శాతం ఉండగా తెలంగాణలో 43.3 శాతం ఉన్నారు. స్త్రీలలో జాతీయ సగటు 1.3 శాతం కాగా ఇక్కడ అది 6.7 శాతం. తాగుడు ఇక్కడ ఊరి అంచున దాగి ఉండే వ్యవహారం కాదని, పండుగలోను పబ్బంలోను, పెళ్లిలోను చావులోను కలిసిపోయిన ఆచారమని ఈ అంకెలు చెబుతున్నాయి. బోనాలకు కల్లుసాక పోస్తారు, దసరాకు దావత్ లేకుంటే పండుగే కాదంటారు, ఎన్నికలొస్తే సీసాలు ఇంటికే వస్తాయి. ఈ వాతావరణంలో పెరిగే పిల్లవాడికి ‘తాగడం తప్పు’ అనే మాట బడి గోడమీది రాతగా మాత్రమే మిగులుతుంది.

కల్లు విషయం మరింత జాగ్రత్తగా చూడవలసింది. తాటి, ఈత చెట్ల నుంచి దించిన రసం మొదట్లో తియ్యగా ఉన్నా, సున్నం పూసిన పాత్రలో పట్టి పులవకుండా కాపాడకపోతే కొద్ది గంటల్లోనే పులిసి, బీరుతో పోల్చదగిన స్థాయిలో ఆల్కహాలు గల పానీయంగా మారుతుంది. ‘చలవ చేస్తది’, ‘కడుపుల పురుగులు పోతయి’ అనే నమ్మకంతో చిన్నపిల్లలకు సైతం చెంచాడు, గ్లాసెడు పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గీత కార్మికుడు ప్రాణాలకు తెగించి చెట్టెక్కి దించే కల్లును మద్యం దుకాణపు సీసాతో ఒకే గాటన కట్టడం న్యాయం కాదన్న వాదనలో బలముంది. అది వేలాది గౌడ కుటుంబాల వృత్తి, జీవనాధారం. కాని పెద్దల పానీయాన్ని పిల్లలకు మందుగా పోయడం వృత్తి గౌరవానికి ఏ విధంగానూ అవసరం కాదు.

పైగా దుకాణాల్లో అమ్ముడయ్యే కల్లంతా చెట్టు నుంచి వచ్చినది కాదు. చెట్లు తగ్గి గిరాకీ పెరిగిన చోట నీళ్లకు చక్కెర, శాకరిన్ జతచేసి, మత్తు కోసం క్లోరల్ హైడ్రేట్, డైజిపాం, ఆల్ప్రాజోలం వంటి పదార్థాలను కలుపుతున్నారని దాడుల్లో పదేపదే రుజువవుతోంది. వీటిలో చివరి రెండూ ఆందోళన తగ్గించడానికి, నిద్ర పట్టించడానికి వైద్యులు పరిమితంగా రాసే మాత్రలలోనివి. రోజూ ఒంట్లోకి చేరితే మెదడు వాటికి అలవాటుపడి, అవి లేకుండా మామూలుగా పనిచేయలేని స్థితికి వస్తుంది. అప్పుడు హఠాత్తుగా మానేస్తే చేతులు వణకడం, నిద్ర పట్టకపోవడం, మాట తడబడటం, పిచ్చిగా ప్రవర్తించడం, మూర్ఛ రావడం జరుగుతాయి. వైద్యులు వీటిని ఉపసంహరణ లక్షణాలంటారు. 2015లో కల్తీ కల్లుపై దాడులు ముమ్మరమై సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాదు, మహబూబ్‌నగర్, మెదక్ జిల్లాల్లో వందలమంది ఈ లక్షణాలతోనే ఆసుపత్రుల పాలయ్యారు. 2025 జులైలో కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు పలువురి ప్రాణాలు తీసింది. అక్కడి నమూనాల్లోనూ ఆల్ప్రాజోలం బయటపడింది. అందువల్ల ‘మావాడు కల్లు తప్ప వేరే ఏదీ ముట్టడు’ అని తృప్తిపడే తల్లి, తన కొడుకు వైద్యుడి చీటీ లేనిదే అమ్మకూడని మందును తాగుతూ ఉండవచ్చునని గ్రహించాలి.

కల్లు తర్వాత పిల్లలకు మత్తు చేరే రెండవ దారి బెల్టు దుకాణం, అంటే లైసెన్సు ఉన్న మద్యం దుకాణం నుంచి సరుకు తెచ్చి కిరాణా కొట్టులోనో ఇంటి అరుగు మీదో చాటుగా అమ్మే చోటు. సాయంత్రం పొలం నుంచి వచ్చిన తండ్రి పన్నెండేళ్ల కొడుకు చేతిలో నోట్లు పెట్టి క్వార్టర్ తెమ్మంటాడు. పిల్లవాడు సీసాను చొక్కా కింద దోపుకొని వస్తాడు. మిగిలిన చిల్లర వాడిదే. ఈ చిన్న పనిలో వాడు నేర్చుకునేవి ఎన్నో ఉన్నాయి: సరుకు ఎక్కడ దొరుకుతుందో, ఏ బ్రాండు ఎంతో, దాన్ని ఎలా దాచాలో, అమ్మేవాడితో ఎలా మాట్లాడాలో. తెలంగాణలో 21 ఏళ్లు నిండనివారికి మద్యం అమ్మకూడదు. 2015 నాటి బాలల న్యాయ చట్టం 77వ సెక్షన్ ప్రకారం 18 ఏళ్లలోపు పిల్లలకు మద్యం, మత్తుపదార్థం, పొగాకు ఇచ్చినా ఇప్పించినా ఏడేళ్ల వరకు కఠిన కారాగారం, లక్ష రూపాయల వరకు జరిమానా పడవచ్చు. మద్యాన్నో మత్తుపదార్థాలనో అమ్మడానికో మోయడానికో పిల్లలను వాడుకుంటే 78వ సెక్షన్ అదే శిక్ష విధిస్తుంది. ఈ చట్టం దుకాణదారుడికే వర్తిస్తుందనుకోవడం పొరపాటు.

పద్నాలుగేళ్లకు మొదలుపెట్టినా ఇరవై ఒకటికి మొదలుపెట్టినా తాగుడు తాగుడే కదా అన్న వాదన వినిపిస్తుంటుంది. అది శాస్త్రానికి నిలవదు. మెదడులో సుఖాన్ని, ఉత్సాహాన్ని వెతికే భాగాలు యౌవనారంభంలోనే చురుకవుతాయి. పర్యవసానాలను తూచి మనసును ఆపే నుదుటి వెనుక భాగం మాత్రం ఇరవైల మధ్య దాకా ఎదుగుతూనే ఉంటుంది. ఈ ఎదుగుదల సాగుతున్నప్పుడు చేరిన మత్తు లోతుగా పాతుకుపోతుంది. పద్నాలుగేళ్లకో అంతకు ముందో తాగడం మొదలుపెట్టినవారిలో సుమారు 40 శాతం మంది జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు మద్యానికి బానిసలయ్యారని, ఇరవై నిండాక మొదలుపెట్టినవారిలో అది 10 శాతం దగ్గరే ఉందని 1997లో అమెరికాలో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. తొందరగా మొదలుపెట్టే పిల్లల ఇళ్లలో అప్పటికే ఉండే కష్టాలు కూడా ఈ తేడాలో కలిసి ఉంటాయన్నది నిజమే. అయినా మొదటి గుక్కను ఎన్నేళ్లు వెనక్కి నెట్టగలిగితే అంత మేలన్నది తల్లిదండ్రులకు దొరికే అత్యంత ఉపయోగకరమైన సూత్రం.

మద్యం, గంజాయి కాక, పెద్దల కంట పడనిది మరొకటి ఉంది. పంక్చర్లు వేసే సొల్యూషన్, రాత తప్పులు చెరిపే వైట్‌నర్ వంటివాటిని గుడ్డమీదో సంచిలోనో పోసి పీల్చడం ఇందులోకి వస్తుంది. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్ చేసి 2019లో ప్రకటించిన జాతీయ సర్వేలో పెద్దలకంటే పిల్లల్లోనే ఎక్కువగా కనిపించిన మత్తు ఇదొక్కటే: పెద్దల్లో 0.58 శాతం, పిల్లల్లో 1.17 శాతం. కారణం తేలికే, ఇది చవక, ఎక్కడైనా దొరుకుతుంది, ఏ తనిఖీకీ చిక్కదు. చొక్కా చేతికి అంటిన జిగురు, నోటి చుట్టూ పొక్కులు, బట్టల్లో పెట్రోలు వంటి వాసన కనిపిస్తే ఆరా తీయాలి. గంజాయి విషయంలో కళ్లెర్రబడటం, కంటిచుక్కల సీసా, జేబులో పలుచని చుట్టుడు కాగితాలు గుర్తులు. అయితే ఏ ఒక్క గుర్తూ రుజువు కాదు. ఆటలు మానడం, పాత స్నేహితులు రాకపోవడం, నిద్రవేళలు తారుమారు కావడం, ఇంట్లో డబ్బులు తగ్గడం వంటివి కొన్ని వారాల పాటు కలిసి కనిపించినప్పుడే అనుమానానికి ఆధారముంటుంది.

అనుమానం నిజమైన రాత్రి తల్లిదండ్రులు ఏమంటారన్నదాని మీద తర్వాతి సంవత్సరాలు చాలావరకు ఆధారపడతాయి. ‘ఊర్ల నా ఇజ్జత్ తీస్తివి గదరా’ అనే మాట, దానితోపాటు పడే దెబ్బ, పిల్లవాడికి ఒక్కటే నేర్పుతాయి: ఇకమీద మరింత జాగ్రత్తగా దాచాలని. మత్తు దిగేదాకా ఆగి, మర్నాడు ఒంటరిగా కూర్చోబెట్టుకొని ‘ఎవరిచ్చిండ్రు బిడ్డా, ఎన్నిసార్లయింది, ఏమైతున్నది నీకు’ అని అడిగితే జవాబు వచ్చే అవకాశముంది. ఆ జవాబులో పరీక్షల భయమో, హాస్టల్లో వేధింపో, వలసపోయిన అమ్మానాన్నల మీద బెంగో బయటపడవచ్చు. ముంబై, హైదరాబాదు పనులకు పోయి పిల్లలను అవ్వాతాతల దగ్గర విడిచే పాలమూరు కుటుంబాల విషయంలో ఈ చివరిది చిన్న సంగతి కాదు.

ఇజ్జత్ భయమే చికిత్సకూ అడ్డుపడుతోంది. కేసవుతుందేమోనన్న శంకతో చాలా కుటుంబాలు డాక్టరు దగ్గరికే పోవు. మాదకద్రవ్యాల చట్టం 64ఎ సెక్షన్, వాడకానికో కొద్ది పరిమాణానికో సంబంధించిన అభియోగం ఎదుర్కొంటూ స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన చోట చికిత్సకు వచ్చి దాన్ని పూర్తిచేసే వ్యసనపరుడికి విచారణ నుంచి రక్షణ కల్పిస్తోందన్న విషయం ప్రచారంలో లేదు. 14446 జాతీయ సహాయ నంబరుకు, మానసిక ఆరోగ్య సలహా కోసం 14416కు ఫోన్ చేయవచ్చు. కొట్టి, కట్టేసి ‘మాన్పించే’ ప్రైవేటు కేంద్రాలకు పిల్లలను అప్పగించడం మాత్రం ప్రమాదకరం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మైనరును చేర్చుకుంటే పెద్దల నుంచి వేరుగా ఉంచాలి, అక్కడున్నన్నాళ్లూ అమ్మో నాన్నో మరో సంరక్షకుడో తోడుండాలి. తోడు వద్దనే కేంద్రం గడప తొక్కకూడదు.

ఒక్కో ఇల్లు విడిగా పోరాడితే నెగ్గేది తక్కువ. పక్కింటి పిల్లవాడు రాత్రి పదకొండు దాకా బయట తిరిగితే ఈ ఇంటి నియమం నిలవదు. ఐస్‌లాండ్ దేశంలో 1998లో పదిహేను, పదహారేళ్ల పిల్లల్లో 42 శాతం మంది గడిచిన నెలలో ఒక్కసారైనా మత్తెక్కేంత తాగినట్టు చెప్పగా, 2016 నాటికి అది 5 శాతానికి పడిపోయింది. అక్కడ భయపెట్టే ఉపన్యాసాలను పక్కనపెట్టి, బడి ముగిశాక ఆటలకు, సంగీతానికి ప్రభుత్వ ఖర్చుతో అవకాశం కల్పించారు; రాత్రి ఎంతకు ఇంటికి చేరాలన్నదానిపై తల్లిదండ్రులు కలిసి రాతపూర్వకంగా ఒప్పుకున్నారు. ఆ దేశపు డబ్బు నకిరేకల్‌కు లేదు గాని, ఒప్పందానికి డబ్బుతో పనిలేదు. తెలంగాణ సర్కారు బడుల్లో 2024 నుంచి మహిళా సంఘాల సభ్యులతో ఏర్పడిన అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు మరుగుదొడ్ల మరమ్మతులతో పాటు ఈ విషయాన్నీ చేపట్టవచ్చు: పిల్లలను బెల్టు దుకాణానికి పంపబోమని, దావత్‌లో వారి గ్లాసులో పోయబోమని, రాత్రి తొమ్మిదికి ఇంట్లో ఉంచుతామని ఆ బడిలోని తల్లిదండ్రులందరి సంతకాలు తీసుకోవచ్చు. అందుకు బడులు తెరిచే జూన్ కంటే దావత్‌లు జరిగే దసరాకు ముందరి సమావేశమే అనువైన సమయం.