డల్లాస్ కౌబాయ్స్ ఎంపిక హక్కుల నిర్వహణ

డల్లాస్ కౌబాయ్స్ అమెరికా సంయుక్త రాష్ట్రములలోని టెక్సాస్ రాష్ట్రమునకు చెందిన వృత్తిపరమైన ఫుట్‌బాల్ జట్టు. 1960లో స్థాపించబడిన ఈ జట్టు నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ లోని 32 జట్లలో ఒకటి. ఇచ్చట ఫుట్‌బాల్ అనగా మన దేశములో కాలితో తన్ని ఆడు బంతియాట కాదు. కోలగానుండు బంతిని చేతపట్టి పరుగెత్తుచు, విసరుచు ఆడు అమెరికన్ ఆట. ప్రతి సంవత్సరము కళాశాలల నుండి వచ్చు కొత్త ఆటగాళ్ళను ఎన్నుకొను హక్కులను ఈ జట్టు యాజమాన్యము ఎట్లు వాడుకొన్నది, ఇతర జట్లతో ఎట్లు మార్పిడి చేసినది అను విషయము ఈ వ్యాసములో పరిశీలించబడినది. 2025 ఆగస్టులో మైకా పార్సన్స్ అను మేటి ఆటగానిని గ్రీన్ బే ప్యాకర్స్ జట్టుకు ఇచ్చివేయుటతో ఈ విషయము తీవ్ర చర్చకు దారితీసినది. డల్లాసు పరిసరములలోని ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్ పట్టణములలో తెలుగువారు పెద్దసంఖ్యలో నివసించుచుండుటచే, జట్టు కార్యాలయము ఫ్రిస్కోలోనే యుండుటచే ఈ చర్చ తెలుగు కుటుంబములకు కూడ పరిచితమైనదే.

ఎంపిక విధానము

మన ఐ.పి.ఎల్. క్రికెట్ పోటీలో జట్లు ఆటగాళ్ళను వేలములో కొనును. అమెరికన్ ఫుట్‌బాల్‌లో కొత్త ఆటగాళ్ళకు వేలము లేదు. దానికి బదులు డ్రాఫ్టు అను వరుస ఎంపిక జరుగును. మొదటి డ్రాఫ్టు 1936లో ఫిలడెల్ఫియా నగరమున జరిగినది. ప్రస్తుత పద్ధతిలో ఏడు రౌండ్లు ఉండును. గత సీజనులో అట్టడుగున నిలిచిన జట్టు ప్రతి రౌండులోను ముందుగా ఎన్నుకొనును. సూపర్ బౌల్ గెలిచిన జట్టు చివర ఎన్నుకొనును. బలహీనమైన జట్లు తిరిగి బలపడవలెనన్నది దీని ఉద్దేశము.

ఈ వరుసలోని ప్రతి స్థానము ఒక హక్కు. ఆ హక్కును వాడుకొనవచ్చును, మరియొక జట్టుకు ఇచ్చి వేరు హక్కులనో ఆటగాళ్ళనో పుచ్చుకొనవచ్చును. రాబోవు సంవత్సరముల హక్కులను కూడ ముందుగానే ఇచ్చివేయవచ్చును.

హక్కు విలువైనదగుటకు ముఖ్య కారణము జీతము. 2011లో లీగునకు, ఆటగాళ్ళ సంఘమునకు కుదిరిన ఒప్పందము ప్రకారము డ్రాఫ్టులో ఎన్నికైన ఆటగాని తొలి ఒప్పందము నాలుగేండ్లు. మొదటి రౌండు వారికి ఐదవ యేడు పొడిగించు అధికారము జట్టుకు ఉండును. జీతము స్థానమును బట్టి ముందే నిర్ణయమై యుండును. ఒక జట్టు జీతములకు పెట్టదగిన మొత్తమునకు పరిమితి కలదు. 2025లో అది 27.92 కోట్ల డాలర్లు. కావున మంచి ఆటగాడు తక్కువ జీతముపై ఆడు ఆ నాలుగైదేండ్లే జట్టుకు అసలైన లాభము.

విలువల పట్టిక

హక్కులను మార్చుకొనునప్పుడు ఏది ఎంతకు సమానమో తెలియుటకు 1991లో కౌబాయ్స్ యాజమాన్యములోని మైక్ మెక్‌కాయ్ ఒక పట్టికను తయారుచేసినాడు. ఇది అప్పటి శిక్షకుడు జిమ్మీ జాన్సన్ పేరిట ప్రసిద్ధి చెంది, క్రమముగా ఇతర జట్లకు కూడ వ్యాపించినది. ఈ పట్టికలో కొన్ని స్థానముల విలువలు ఇట్లున్నవి:

* 1వ స్థానము – 3000 పాయింట్లు
* 2వ స్థానము – 2600 పాయింట్లు
* 10వ స్థానము – 1300 పాయింట్లు
* 16వ స్థానము – 1000 పాయింట్లు
* 32వ స్థానము – 590 పాయింట్లు

ఈ పట్టిక పాత మార్పిడులను చూచి అంచనా వేసినదే గాని, ఆటగాళ్ళ ఆటను కొలిచి వేసినది కాదు. కేడ్ మాస్సీ, రిచర్డ్ థాలర్ అను పరిశోధకులు 2013లో ప్రచురించిన అధ్యయనములో, జట్లు మొదటి కొన్ని స్థానములకు అవసరమునకు మించిన వెల కట్టుచున్నవని నిరూపించినారు. థాలర్‌కు 2017లో అర్థశాస్త్రములో నోబెల్ బహుమతి లభించినది.

తొలి దశ

1960ల దశకములో జనరల్ మేనేజరు టెక్స్ ష్రామ్, ఎంపిక అధికారి గిల్ బ్రాంట్ ఆటగాళ్ళ వివరములను కంప్యూటరుతో విశ్లేషింపజేసినారు. ఆ కార్యక్రమమును రూపొందించినవాడు సలాం ఖురేషీ అను భారతీయ నిపుణుడు. ఆ రోజులలో ఇది చాల కొత్త పద్ధతి.

ఓపిక పట్టుట కూడ ఈ యాజమాన్యమునకు తెలియును. రోజర్ స్టాబాక్ నౌకాదళములో పనిచేయవలసి యున్నందున ఇతర జట్లు వెనుదీసినవి. కౌబాయ్స్ 1964లో పదవ రౌండులో అతనిని ఎన్నుకొని, 1969 వరకు వేచియున్నది. అతడు రెండు సూపర్ బౌల్ విజయములు సాధించి పెట్టినాడు. 1977లో ఒక మొదటి రౌండు హక్కును, మూడు రెండవ రౌండు హక్కులను సియాటిల్ సీహాక్స్ జట్టుకు ఇచ్చి, రెండవ స్థానమును పొంది టోనీ డోర్సెట్‌ను ఎన్నుకొన్నది. ఆ సీజనులోనే జట్టు సూపర్ బౌల్ గెలిచినది.

హెర్షెల్ వాకర్ మార్పిడి

1989 ఫిబ్రవరిలో జెర్రీ జోన్స్ జట్టును కొనుగోలు చేసి, జిమ్మీ జాన్సన్‌ను శిక్షకునిగా నియమించినాడు. ఆ సీజనులో జట్టు ఒక్క పోటీ గెలిచి 15 ఓడినది. ఆ జట్టులో ఇతరులు కోరదగిన ఆటగాడు హెర్షెల్ వాకర్ ఒక్కడే. 1989 అక్టోబరు 12న అతనిని మిన్నెసోటా వైకింగ్స్ జట్టుకు ఇచ్చివేసినారు. ఆటగాళ్ళు, హక్కులు కలిపి 18 ఈ ఒప్పందములో చేతులు మారినవి.

ఇందలి కిటుకు షరతులలో కలదు. మిన్నెసోటా పంపిన ఆటగాళ్ళను డల్లాసు వదలివేసినచో, ఒక్కొక్కరికి బదులుగా కొన్ని హక్కులు డల్లాసుకు రావలెను. డల్లాసు ఆ ఆటగాళ్ళనే ఉంచుకొనునని మిన్నెసోటా భావించినది. జాన్సన్ దృష్టి మాత్రము మొదటినుండి హక్కులపైననే యున్నది. ఫలితముగా 1990, 1991, 1992 సంవత్సరముల మొదటి, రెండవ రౌండు హక్కులు డల్లాసుకు లభించినవి.

ఆ హక్కులను ఉన్నవున్నట్లు వాడలేదు. 1990లో 21వ స్థానమునకు మరియొక హక్కు కలిపి పిట్స్‌బర్గ్ స్టీలర్స్ జట్టుకు ఇచ్చి, 17వ స్థానమునకు ఎగబ్రాకి ఎమిట్ స్మిత్‌ను ఎన్నుకొన్నారు. అతడు 18,355 గజముల పరుగుతో లీగు చరిత్రలోనే ప్రథముడైనాడు. 1992లో డారెన్ వుడ్‌సన్ కూడ ఈ మార్పిడి ఫలమే. 1992, 1993, 1995 సీజన్లలో జట్టు సూపర్ బౌల్ గెలిచినది. మిన్నెసోటాలో వాకర్ ఒక్క సీజనులోను వేయి గజములు పరుగెత్తలేదు.

పేరున్న ఆటగాళ్ళకై హక్కుల వ్యయము

వాకర్ మార్పిడిలో లాభపడిన జట్టే తరువాతి కాలములో పలుమార్లు మిన్నెసోటా చేసిన పనిని చేసినది.

* 2000లో జోయి గాలోవే కొరకు రెండు మొదటి రౌండు హక్కులను సియాటిల్‌కు ఇచ్చినది. అతడు మొదటి పోటీలోనే మోకాలికి గాయమై ఆ సీజనుకు దూరమైనాడు. అందులో ఒక హక్కుతో సియాటిల్ ఎన్నుకొన్న షాన్ అలెగ్జాండర్ 2005లో లీగులో అత్యుత్తమ ఆటగానిగా ఎంపికైనాడు.
* 2008లో రాయ్ విలియమ్స్ కొరకు 2009 మొదటి, మూడవ, ఆరవ రౌండు హక్కులను డెట్రాయిట్ లయన్స్ జట్టుకు ఇచ్చినది. ఆశించిన ఫలితము రాలేదు.
* 2018 అక్టోబరులో అమారి కూపర్ కొరకు 2019 మొదటి రౌండు హక్కును ఇచ్చినది. అప్పటికి మూడు గెలిచి నాలుగు ఓడిన జట్టు, ఆ తరువాత తొమ్మిదింట ఏడు గెలిచినది. ఇది మంచి మార్పిడియే. కాని 2022లో జీతభారము వలన అతనిని క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ జట్టుకు పంపినప్పుడు వచ్చినది ముఖ్యముగా ఒక ఐదవ రౌండు హక్కు మాత్రమే.

ఎంపికలో నేర్పు

డ్రాఫ్టులో ఆటగాళ్ళను గుర్తించుటలో మాత్రము 2010 తరువాత ఈ జట్టు మంచి పేరు గడించినది. జోన్స్ కుమారుడు స్టీఫెన్ జోన్స్, ఎంపిక విభాగపు అధికారి విల్ మెక్‌క్లే ఇందుకు ముఖ్యులు. 2014లో జెర్రీ జోన్స్ మనసు జానీ మాంజెల్ అను క్వార్టర్‌బ్యాక్ మీద ఉండగా, వీరు వారించి జాక్ మార్టిన్‌ను ఎన్నుకొనునట్లు చేసినారు. మార్టిన్ తొమ్మిది మార్లు ప్రో బౌల్‌కు ఎంపికైనాడు. మాంజెల్ 2015 తరువాత లీగులో ఆడలేదు.

విలువల పట్టికకు, నిజమైన ఫలితమునకు గల అంతరమును రెండు ఉదాహరణలు చూపును. 2012లో డల్లాసు 14, 45 స్థానములను (1550 పాయింట్లు) ఇచ్చి 6వ స్థానమును (1600) పొందినది. పట్టిక ప్రకారము లాభము. అయితే అట్లు ఎన్నుకొన్న మోరిస్ క్లెయిబోర్న్ గాయములతో సతమతమై ఎన్నడును ప్రో బౌల్‌కు చేరలేదు. 2013లో 18వ స్థానమును (900) ఇచ్చి 31, 74 స్థానములను (820) పుచ్చుకొన్నది. పట్టిక ప్రకారము నష్టము. అప్పట్లో విమర్శలు వచ్చినవి. కాని 31వ స్థానములో లభించిన ట్రావిస్ ఫ్రెడరిక్ ఐదు మార్లు ప్రో బౌల్‌కు ఎంపికైనాడు.

అదృష్టము పాలు కూడ కొంత కలదు. 2016లో పాక్స్టన్ లించ్ కొరకు ఎగబ్రాకుటకు చేసిన యత్నము విఫలమైనందుననే నాలుగవ రౌండులో, 135వ స్థానములో, డాక్ ప్రెస్కాట్ లభించినాడు. 2021లో 10వ స్థానమును ఫిలడెల్ఫియా ఈగల్స్ జట్టుకు ఇచ్చి 12, 84 స్థానములను పొంది, 12వ స్థానములో మైకా పార్సన్స్‌ను ఎన్నుకొన్నది. పార్సన్స్ నాలుగు సీజన్లలో ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌లను పడగొట్టుటలో 52.5 లెక్క సాధించినాడు.

పార్సన్స్ మార్పిడి

ఎన్నుకొన్నవారు రాణించినచో రెండవ ఒప్పందము తప్పదు. ఇచ్చట డల్లాసు యాజమాన్యము జాప్యము చేయుట అలవాటుగా మారినది. 2024లో సీడీ లాంబ్‌తో నాలుగేండ్లకు 13.6 కోట్ల డాలర్ల ఒప్పందము సీజను ముంగిట కుదిరినది. ప్రెస్కాట్‌తో నాలుగేండ్లకు 24 కోట్ల డాలర్ల ఒప్పందము మొదటి పోటీ నాడు, అనగా సెప్టెంబరు 8న కుదిరినది. ఇతర జట్లు తమ ఆటగాళ్ళతో ముందుగా ఒప్పందములు చేసుకొనుకొలది ధర పెరుగును. వేచియున్నవాడు పెరిగిన ధర చెల్లించవలెను.

2025 మార్చిలో జోన్స్ పార్సన్స్‌తో ఏజెంటు లేకుండ నేరుగా మాట్లాడినాడు. ఆ చర్చ ఒప్పందముగా మారలేదు. ఆగస్టు 1న పార్సన్స్ తనను వేరు జట్టుకు పంపవలసినదిగా కోరినాడు. ఆగస్టు 28న గ్రీన్ బే 2026, 2027 మొదటి రౌండు హక్కులను, కెన్నీ క్లార్క్ అను ఆటగానిని ఇచ్చి అతనిని తీసుకొన్నది. వెంటనే నాలుగేండ్లకు 18.8 కోట్ల డాలర్ల ఒప్పందము చేసుకొన్నది.

2025 నవంబరు 4న డల్లాసు తన రక్షణ శ్రేణిని సరిచేయుటకు 2026 రెండవ రౌండు హక్కును, 2027 మొదటి రౌండు హక్కును, 2023లో తానే మొదటి రౌండులో ఎన్నుకొన్న మాజీ స్మిత్‌ను న్యూయార్క్ జెట్స్ జట్టుకు ఇచ్చి క్వినెన్ విలియమ్స్‌ను తెచ్చుకొన్నది. ఆ సీజనులో డల్లాసు ప్లే ఆఫ్ పోటీలకు చేరలేదు. పార్సన్స్ డిసెంబరులో మోకాలి గాయముతో ఆటకు దూరమైనాడు. అయితే ఆ గాయము మార్పిడి నాడు ఎవరును ఊహించినది కాదు గనుక, దానిని డల్లాసు దూరదృష్టిగా లెక్కించుట సరికాదు.

రెండు మార్పిడుల పోలిక

జోన్స్ ఈ సందర్భములో వాకర్ మార్పిడిని గుర్తుచేసినాడు. పోలిక పైకి కనబడునంత దగ్గరిది కాదు.

* 1989లో జట్టు అట్టడుగున ఉన్నది; మూడేండ్లు ఆగగలదు. 2025లో లీగులోనే అత్యధిక వార్షిక జీతము గల, 32 ఏండ్ల క్వార్టర్‌బ్యాక్ కలడు. ఆగుటకు వ్యవధి తక్కువ.
* వాకర్ పరుగుల ఆటగాడు, వయస్సు 27. ఆ స్థానపు ఆటగాళ్ళు త్వరగా అలసిపోదురు. పార్సన్స్ వయస్సు 26. ప్రత్యర్థి క్వార్టర్‌బ్యాక్‌పై దాడి చేయువారు ముప్పై దాటినను రాణింతురు.
* వాకర్ కొరకు మూడు మొదటి, మూడు రెండవ రౌండు హక్కులు వచ్చినవి. పార్సన్స్ కొరకు రెండే. అవియు మంచి జట్టు హక్కులు గనుక రౌండు చివరి భాగమున ఉండగలవని ఆనాటి అంచనా.
* 1989లో వచ్చిన హక్కులతో యువకులను ఎన్నుకొన్నారు. 2025లో రెండు నెలలు గడచిన వెంటనే అటువంటి హక్కులను ఖర్చు చేసి, అధిక జీతముగల ఆటగానిని తెచ్చినారు.

మదింపు

1995 సీజను తరువాత 2025 సీజను వరకు కౌబాయ్స్ సూపర్ బౌల్‌కు గాని, దానికి ముందు మెట్టయిన కాన్ఫరెన్స్ తుదిపోటీకి గాని చేరలేదు. మంచి ఆటగాళ్ళను ఎన్నుకొనలేకపోవుట ఇందుకు కారణమని చెప్పలేము. మార్టిన్, ఫ్రెడరిక్, ప్రెస్కాట్, లాంబ్, పార్సన్స్ అందరును డ్రాఫ్టు ద్వారా వచ్చినవారే. లోపము ఆ తరువాతి దశలో కలదు. చౌకగా లభించిన ఆటగాని నాలుగేండ్లు గడచునప్పుడు ముందుగా నిర్ణయము తీసుకొనకపోవుట, ఆ కొరతను పూరించుటకు కొత్త హక్కులను ఖర్చు చేయుట అను రెండు పనులు ఎంపికలో సంపాదించిన లాభమును హరించినవి. యజమానియే జనరల్ మేనేజరు కూడ అగుటచే ఈ నిర్ణయములను ప్రశ్నించు పై అధికారి జట్టులో లేడు.

పార్సన్స్ మార్పిడి తుది లెక్క 2026, 2027 డ్రాఫ్టులలో ఎన్నికైనవారి ఆటను బట్టి కొన్ని సంవత్సరముల తరువాత గాని తేలదు. జెట్స్‌తో కుదిరిన ఒప్పందములో 2027కు సంబంధించి డల్లాసు వద్ద నున్న రెండు మొదటి రౌండు హక్కులలో మెరుగైనది జెట్స్‌కు చెందవలెనని కలదు. కావున 2026 సీజనులో డల్లాసు గ్రీన్ బే కన్న వెనుకబడినచో, ఆ వైఫల్యమునకు ప్రతిఫలముగా రావలసిన ముందు స్థానము సైతము న్యూయార్కుకే పోవును.