రిజర్వుడు సీటు అభ్యర్థిని పరీక్ష పెట్టిందెవరు?

ఎన్నికలొచ్చినప్పుడల్లా మన వాడల్లోకి ఒక కొత్త మొహం వస్తుంది. మెళ్ళో దండ, జోడించిన చేతులు, వెనకాల నాలుగు కార్లు. పక్కన ఊరి పెద్దలు నిలబడి "ఇదిగో మీ అభ్యర్థి, మీ కులమోడే" అని పరిచయం చేస్తారు. మన కులమోణ్ణి మనకి వాళ్ళు పరిచయం చెయ్యాల్సిన ఖర్మ ఎందుకొచ్చింది? వాళ్ళకి ముందే ఎట్లా తెలుసు? మనకెందుకు తెలీదు? ఈ మూడు ప్రశ్నలకి జవాబు వెతికితే రిజర్వుడు సీట్ల రాజకీయం గుట్టంతా బయటపడుతుంది.

ఆంధ్రప్రదేశ్‌లో 175 అసెంబ్లీ సీట్లుంటే 29 ఎస్సీలకు రిజర్వు. తెలంగాణలో 119కి 19. రెండు రాష్ట్రాల్లో కలిపి పార్లమెంటు సీట్లు ఏడు. ఈ యాభై అయిదు సీట్లలో నిలబడే మనిషి దళితుడే అయ్యుండాలని రాజ్యాంగం చెప్పింది. ఆ దళితుడు ఎవరో తేల్చే హక్కు మాత్రం దళితులకు ఎక్కడా రాసిలేదు. ఆ పని పార్టీ అధ్యక్షుడి సంతకంతో వచ్చే బి-ఫారం చేస్తుంది. ఏ పార్టీ అయినా సరే, ఆ సంతకం పెట్టే చెయ్యి ఎవరిదో, ఏ కులానిదో మీకు నేను చెప్పనక్కర్లేదు.

"అభ్యర్థుల్ని పరిశీలించడానికి చట్టాలున్నాయి కదా" అంటారు చదువుకున్న మిత్రులు. ఉన్నాయి. నామినేషన్ల గడువు ముగిసిన మర్నాడే "పరిశీలన" అనే తతంగం ఒకటి జరుగుతుంది. రిటర్నింగ్ అధికారి కూచుని వయసు నిండిందా, కులం సర్టిఫికెట్టు ఉందా, డిపాజిట్టు కట్టాడా, సంతకాలు సరిగా ఉన్నాయా అని చూస్తాడు. ఆయన పరిశీలించేది కాగితాన్ని, మనిషిని కాదు. 2002లోనూ 2003లోనూ సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుల పుణ్యమా అని అభ్యర్థి మీద ఉన్న కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు అన్నీ ఫారం 26 అఫిడవిట్‌లో రాసివ్వాలి. నేరచరిత్ర ఉన్నవాడికి టిక్కెట్టిస్తే ఎందుకిచ్చారో 48 గంటల్లో జనానికి చెప్పాలని, "గెలుస్తాడు కాబట్టి ఇచ్చాం" అనే మాట ఒక్కటే చాలదని 2020లో పార్టీల్ని ఆదేశించింది. మంచిదే. ఈ అఫిడవిట్లను మన కుర్రాళ్ళు తీసి చదవాలి, వాడలో పైకి చదివి వినిపించాలి. కానీ ఒక సంగతి చూడండి. అఫిడవిట్ బయటికొచ్చేసరికి అభ్యర్థి ఖరారై పోయుంటాడు. పెళ్ళి కుదిరి, పందిరి వేసి, పిలుపులయ్యాక పెళ్ళికొడుకు ఎవరి కొడుకని అడిగితే ఏం లాభం? పైగా ఆ ఫారంలో ఎకరాలు రాసే గడి ఉంది, బంగారం రాసే గడి ఉంది. మన మీద దాడి జరిగిన రోజు నువ్వెక్కడున్నావని అడిగే గడి లేదు.

అసలు పరీక్ష అంతకు ముందే, వేరేచోట జరిగిపోతుంది. రిజర్వుడు నియోజకవర్గంలో పార్టీకి ఒక "ఇన్‌ఛార్జి" ఉంటాడు, లేదా "సమన్వయకర్త" ఉంటాడు. ఆ కుర్చీలో పేరుకి దళితుడున్నా వెనక నడిపించేవాడు ఆ ప్రాంతపు భూస్వామో, కాంట్రాక్టరో, మిల్లు యజమానో అవుతాడు. సీటు దళితుడికి పోయింది గనక తను నిలబడలేడు. నిలబెడతాడు. ఆయన ఇంటి వరండాలో మనోడికి ఇంటర్వ్యూ జరుగుతుంది. ఆ ఇంటర్వ్యూలో ప్రశ్నలు తక్కువ, చూపులు ఎక్కువ. ఇతను కూచోమంటే కూచుంటాడా, నిలబడే మాట్లాడతాడా? స్టేషన్లో ఎస్సై ఎవరుండాలో మనల్ని అడుగుతాడా, సొంతంగా లెటరు రాస్తాడా? ఊళ్ళో అట్రాసిటీ కేసు పడితే రాజీకి తెస్తాడా, కేసు నడిపిస్తాడా? గతంలో ఏ సంఘంలోనైనా తిరిగాడా? తిరిగితే అక్కడే ఫెయిలు. ఖర్చు ఎవరు పెడతారనేది చివరి ప్రశ్న. దానికి జవాబు కూడా వాళ్ళ దగ్గరే ఉంటుంది: "మేం పెడతాంలే." ఆ ఒక్క మాటతో మనోడి అయిదేళ్ళూ తాకట్టు పడిపోతాయి.

కాబట్టి మన అభ్యర్థుల్ని ఎవరూ పరీక్షించడం లేదని వగచడం తప్పు. బ్రహ్మాండంగా పరీక్షిస్తున్నారు. పరీక్షించేది మనం కాదు, అంతే.

మన సీటుకి నిలబడేవాణ్ణి ముందుగా మనమే చూసి ఎంచుకునే ఏర్పాటు ఈ దేశంలో ఒకప్పుడు చట్టంలోనే ఉండేది. ఈ సంగతి మన పిల్లలకి ఏ పాఠ్యపుస్తకమూ చెప్పదు. 1932 ఆగస్టులో బ్రిటిష్ ప్రభుత్వం కమ్యూనల్ అవార్డు కింద అంటరానివారికి ప్రత్యేక నియోజకవర్గాలిచ్చింది. గాంధీ యరవాడ జైల్లో నిరాహారదీక్షకు కూచున్నాడు. ఆయన ప్రాణం ఒకవైపు, దేశంలోని మాల మాదిగ పల్లెల ప్రాణాలన్నీ ఇంకోవైపు పెట్టి అంబేడ్కర్ చేత సెప్టెంబరు 24న పూనా ఒప్పందం మీద సంతకం పెట్టించారు. ప్రత్యేక ఓటు పోయింది. బదులుగా 148 సీట్లు ఇచ్చి ఒక మెలిక పెట్టారు. ప్రతి రిజర్వుడు సీటుకీ ముందు అంటరాని కులాల ఓటర్లు మాత్రమే ఓటేసి నలుగుర్ని ఎన్నుకోవాలి. దాన్నే ప్రైమరీ ఎన్నిక అన్నారు. ఆ నలుగుర్లో ఒకణ్ణి అన్ని కులాలూ కలిసి ఓటేసి గెలిపించాలి. ఈ ప్రైమరీ పద్ధతి పదేళ్ళకు మించి ఉండకూడదని ఒప్పందంలోనే రాసుకున్నారు.

మొదటి పరీక్ష మనది, ఆఖరి పరీక్ష వాళ్ళది. మోసం ఎక్కడుందో ఇప్పుడు లెక్కేసుకోండి. మన ఓట్లన్నీ కుప్పగా పడి మొదటివాడిగా వచ్చినవాడు పోరాడేవాడు అనుకుందాం. నాలుగోవాడు ఏవో కొద్ది ఓట్లతో జాబితాలో దూరినవాడు, పెద్దల మనిషి. అసలు ఎన్నికలో ఊరివాళ్ళ ఓట్లన్నీ ఆ నాలుగోవాడికి పడతాయి. మనం కాదన్నవాడే మన ప్రతినిధి అయి కూచుంటాడు! అందుకే హేమండ్ కమిటీ ముందు పెద్ద వాదన జరిగింది. నలుగురు తప్పకుండా ఉండాల్సిందే, నలుగురు లేకపోతే ఆ సీటు ఖాళీగా ఉంచాల్సిందేనని సవర్ణ హిందువుల తరఫున వాదించారు. నలుగురంటే నలుగురికి మించకూడదని అర్థం, అంతకు తక్కువైతే నష్టమేమీ లేదని అంబేడ్కర్ వాదించాడు. కమిటీ అంబేడ్కర్ మాటే ఒప్పుకుంది. వాళ్ళకి నలుగురే ఎందుకు కావాలి? నలుగుర్లో ఒకడైనా దొరక్కపోతాడా అని.

దొరికారు కూడా. 1937 ఎన్నికల్లో 151 రిజర్వుడు సీట్లకు కాంగ్రెస్ 78 గెల్చుకుంది. మన తెలుగు జిల్లాలున్న మద్రాసు రాష్ట్రంలో 30కి 26 దాని ఖాతాలోనే పడ్డాయి. అంబేడ్కర్ ఇండిపెండెంట్ లేబర్ పార్టీ పెట్టి గట్టిగా నిలబడ్డ బొంబాయిలో మాత్రం 15కి నాలుగే వచ్చాయి. సంఘం బలంగా ఉన్నచోట ఒక లెక్క, లేనిచోట ఒక లెక్క. ఆ తర్వాత 1945-46లో చాలా నియోజకవర్గాల్లో నలుగురికి మించి నిలబడ్డవాళ్ళే లేక ప్రైమరీలే జరగలేదు. రెండుసార్లు ఎన్నికల ఖర్చు భరించే స్తోమత కూలివాళ్ళ పార్టీకి ఎక్కడిది? షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌కు చివరికి మిగిలినవి రెండే సీట్లు. మా బలం ప్రైమరీల్లో చూడండి, అసలు ఎన్నికల్లో కాదు అని ఫెడరేషన్ ఎంత మొత్తుకున్నా కేబినెట్ మిషన్ వినలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన పదిహేను రోజులు తిరక్కుండానే, 1947 ఆగస్టు చివర్లో, రాజ్యాంగ సభలో ఈ గొడవ మళ్ళీ లేచింది. లేపినవాడు మన కర్నూలు నాగప్ప. రిజర్వుడు సీటులో గెలవాలంటే షెడ్యూల్డ్ కులాల వాళ్ళు వేసిన ఓట్లలో కనీసం 35 శాతం వచ్చి తీరాలని ఆయన సవరణ పెట్టాడు. గమనించండి, ఆయన కాంగ్రెస్ మనిషే. కాంగ్రెస్‌లో ఉండి కూడా, వాడలోకి వెళ్తే సొంత జనం "నువ్వెవరి మనిషివి" అని అడిగే రోజు వస్తుందని ఆయనకి తెలిసింది. పటేల్ ఒప్పుకోలేదు. నాగప్ప సవరణ వెనక్కి తీసుకోవాల్సొచ్చింది. రాజ్యాంగం వచ్చేసరికి ప్రైమరీ లేదు, 35 శాతం లేదు. సీటు మాత్రం మిగిలింది. 1952లో బొంబాయిలో రిజర్వుడు సీటుకి నిలబడిన సాక్షాత్తూ అంబేడ్కర్నే ఓడించి కాజ్రోల్కర్ అనే కాంగ్రెస్ అభ్యర్థిని పంపించారు. రాజ్యాంగం రాసినవాడు ఆ రాజ్యాంగం ఇచ్చిన సీటుకి పనికిరాకపోయాడు!

ఇంకో ముచ్చట చెప్పాలి. 1957లో పార్వతీపురం పార్లమెంటు సీటు ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒక సీటు గిరిజనులకు రిజర్వు, రెండోది జనరల్. ఓట్లు లెక్కపెడితే ఇద్దరు గిరిజన అభ్యర్థులే పైన వచ్చారు, రెండు సీట్లూ వాళ్ళవే అయ్యాయి. ఓడిపోయింది వి.వి. గిరి. ఆయన సుప్రీంకోర్టు దాకా పోయినా 1959లో తీర్పు గిరిజన అభ్యర్థికే అనుకూలంగా వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకి, 1961లో, ఇద్దరు సభ్యుల నియోజకవర్గాల్నే రద్దు చేశారు. మనం ఓడినంతకాలం పద్ధతి బాగానే ఉంటుంది.

అమెరికాలో నల్లవాళ్ళకి ఇలాంటి అనుభవమే ఉంది. టెక్సాస్‌లో డెమోక్రటిక్ పార్టీది ఏకఛత్రాధిపత్యం. ఆ పార్టీ ప్రైమరీలో గెలిచినవాడే ఆఖరికి గెలిచేవాడు. నల్లవాడికి అసలు ఎన్నికలో కాగితం మీద ఓటుండేది, ప్రైమరీలో మాత్రం పార్టీ గుమ్మం తొక్కనిచ్చేవాళ్ళు కాదు. అభ్యర్థి తేలిపోయాక వేసే ఓటు ఓటేనా అని నల్లవాళ్ళు కోర్టుల చుట్టూ ఏళ్ళ తరబడి తిరిగారు. 1944లో వాళ్ళ సుప్రీంకోర్టు ఆ తెల్లవాళ్ళ ప్రైమరీని కొట్టేసింది. మనకా గుమ్మమే లేదు, తొక్కడానికి. ఎవరింటి వరండానో ఉంది.

ఇక మనలో మనం అనుకునే మాటలకొద్దాం. "మనోణ్ణి మనమే నిలదీస్తే పరువు పోతుంది, ఎదుటోడికి అలుసైపోతాం" అంటారు కొందరు పెద్దలు. వాడు వరండాలో నిలబడినప్పుడు పోని పరువు మన రచ్చబండ దగ్గర కూచుంటే పోతుందా? ఇంకొందరు అడిగే ప్రశ్నలో న్యాయం ఉంది: "జనరల్ సీటులో రెడ్డినో కమ్మనో వెలమనో ఎవడూ ఏమీ అడగడు. దళితుడికే ఈ పరీక్షలేంటి?" నిజమే. వాళ్ళనీ అడగాలి, మన ఓటు లేకుండా వాళ్ళలో ఒక్కడూ గెలవడు. అయితే వాళ్ళెవరూ మన పేరు చెప్పి సీటు తీసుకోలేదు. మన పుట్టుక చూపించి, మన వెలివాడ చూపించి, మన చావులు చూపించి తెచ్చుకున్న సీటు ఇది. ఆ సీటులో కూచునేవాడికి మన లెక్క వేరేగా ఉంటుంది.

"రిజర్వుడు నియోజకవర్గాల్లో కూడా మనం సగం లేం, అందరి ఓట్లూ కావాలి, అందర్నీ మంచి చేసుకోవాలి" అనేది గట్టి వాదన. కాదనను. అందరి ఓట్లూ అడగమనే చెప్తాం. వాళ్ళకి ఏం మాటిచ్చి ఆ ఓట్లు తెచ్చుకున్నావో అది మాత్రం మా ముందు చెప్పమంటాం.

ఏం అడగాలో మన పల్లెలకి తెలుసు, ఒకరు నేర్పక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమందిని నరికారు. ఆ ఊరు ఇప్పుడు వేమూరు నియోజకవర్గంలో ఉంది, అది 2009 నుంచి ఎస్సీ రిజర్వుడు. 2007లో ప్రత్యేక కోర్టు వేసిన శిక్షల్ని 2014లో హైకోర్టు కొట్టేసింది. అక్కడ ఓట్లడగడానికొచ్చే ఏ పార్టీ అభ్యర్థినైనా సరే, ఆ తీర్పు రోజు నోరు విప్పావా లేదా అని అడగడానికి సిగ్గెందుకు? సబ్‌ప్లాన్ చట్టం 2013లో వచ్చింది. మన వాటా నిధులు వేరే పద్దుల్లోకి మళ్ళినప్పుడు అసెంబ్లీలో లేచి ప్రశ్న వేశావా, వేస్తే కాగితం చూపించు. గెలిచినవాడు విప్‌కి ఎదురు ఓటేస్తే 1985 నాటి ఫిరాయింపుల చట్టం కింద సీటు పోతుంది, అది మనకీ తెలుసు. ప్రశ్న వెయ్యడానికి, పల్లెకి రావడానికి, స్టేషన్లో మనవాడి పక్కన కూచోవడానికి ఏ విప్పూ అడ్డు రాదు. వర్గీకరణ మీద సుప్రీంకోర్టు 2024 ఆగస్టు 1న తీర్పిచ్చింది, 2025లో రెండు రాష్ట్రాలూ అమలుకి దిగాయి. ఇందులో మాల మాదిగల మధ్య భేదాభిప్రాయం ఉంది, ఉండనివ్వండి. మాలపల్లెలో ఒక మాట, మాదిగగూడెంలో ఇంకో మాట చెప్పి రెండుచోట్లా హారతి పట్టించుకునేవాణ్ణి మాత్రం రెండు పల్లెలూ కలిసి ఒకేచోట నిలబెట్టి అడగాలి. అతను తడబడితే ఆ తడబాటునే అందరూ చూస్తారు.

ఇదంతా నామినేషన్లయ్యాక చేసే పని కాదు. టిక్కెట్ల కోసం పేర్లు చక్కర్లు కొట్టడం మొదలవగానే చెయ్యాలి. ఆశావహుల పేర్లు మండల కేంద్రంలో టీ కొట్టు దగ్గరే తెలిసిపోతాయి. ప్రతి ఒక్కడికీ, ఏ పార్టీవాడైనా, పల్లె తరఫున కబురు పెట్టండి. ఆదివారం పొద్దున కూలికి పోని వేళ చూసి పిలవండి. ఆడవాళ్ళని ముందు కూచోబెట్టండి, వాళ్ళడిగే ప్రశ్నకి మైకులో ఉపన్యాసం పనికిరాదు. అడిగిందీ చెప్పిందీ ఒక నోటుబుక్కులో రాసి, కింద అతని చేత సంతకం పెట్టించండి. రానన్నవాడి పేరు కూడా అందులోనే రాయండి. ఇన్‌ఛార్జి గారిని వెంటబెట్టుకుని వస్తే ఆయనకి మర్యాదగా కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, చెట్టుకింద కూచోబెట్టండి. లోపలికి అభ్యర్థి ఒక్కణ్ణే రమ్మనండి.