వేలంలో ఇల్లు, చట్రంలో చెదలు

దివ్య ఖుర్ఆన్ 'సబా' సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) మరణ ప్రస్తావన ఉంది. ఆయన మరణించిన సంగతి పనిలో మునిగి ఉన్న జిన్నాతులకు తెలియలేదు. నేలపురుగు ఒకటి ఆయన చేతికర్రను తినివేయగా, దేహం ఒరిగిన తరువాతనే వారికి తెలిసింది. అది చెదపురుగని వ్యాఖ్యాతలు వివరించారు. బయటికి నిటారుగా ఉన్నది లోపల గట్టిగా ఉన్నదో లేదో చూపు ఒక్కటే చెప్పలేదని ఆ వృత్తాంతం చదివినప్పుడల్లా మాకు స్ఫురిస్తుంది.

మా పరిచయస్థులొకరు బ్యాంకు వేలంలో ఇల్లు కొన్నారు. కుమార్తె వివాహానికి దాచిన సొమ్మంతా అందులో పెట్టారు. రంగు వేసిన గోడలను చూసి తృప్తి పడ్డారే గాని, ఎవరినీ వెంటబెట్టుకొని వెళ్ళి పరీక్ష చేయించలేదు. తొలకరి వానలకు ఇంటినిండా ఉసుళ్ళు లేచాయి. ద్వారబంధం మీద వేలు నొక్కితే లోపలికి దిగింది.

"మౌలానా! లోపమున్న వస్తువును తిరిగి ఇచ్చివేసే హక్కు షరీఅత్ ఇచ్చింది కదా?" అని వారు మమ్మల్ని అడిగారు.

ఇచ్చింది. దానినే ఫిఖ్హ్‌లో 'ఖియారె ఐబ్' అంటారు. అయితే ఏ లోపానికీ తనది పూచీ కాదని అమ్మేవాడు ముందే చెప్పి, కొనేవాడు అందుకు సమ్మతిస్తే ఆ హక్కు మిగలదని హనఫీ ధర్మవేత్తల అభిప్రాయం. మద్రసాలలో మేము బోధించే 'హిదాయా'లో కూడా ఈ మస్అలా ఉంది. ఇతర మజ్హబ్‌లలో భేదాభిప్రాయాలు లేకపోలేదు. వేలం ప్రకటనలలో 'ఎక్కడ ఉన్నది అక్కడ, ఎలా ఉన్నది అలా' అని వ్రాసే మాట అటువంటి షరతే. ఆ మాట చదివి పాట పాడినవారు దానికి ఒప్పుకొన్నట్లే.

కనుక జాగ్రత్త పాటకు ముందే పడాలి. 2002 నాటి సర్ఫేసీ చట్టం క్రింద జరిగే వేలంలో గెలిచినవారు ధరలో 25 శాతం, ధరావత్తుతో కలిపి, ఆ రోజే లేదా మరుసటి పనిదినానికి చెల్లించాలి. గడువు పొడిగించకపోతే మిగిలినది అమ్మకం ఖరారైన 15 రోజులలో కట్టాలి. కట్టలేకపోతే చెల్లించిన సొమ్ము పోతుంది. చెదలున్నాయని తరువాత తెలిసి వెనుకకు తగ్గడానికి వీలుండదు.

ప్రకటనలో ఇల్లు చూపించే తేదీ ఉంటుంది. ఆ రోజు ఒక వడ్రంగిని, చెదల మందు వేసే అనుభవజ్ఞుణ్ణి వెంటబెట్టుకొని వెళ్ళండి. వారి కూలి మీరే ఇవ్వండి; అమ్మేవారు పంపినవారి మాట మీద ఆధారపడకండి. పునాది మీద, గోడ మూలలలో మట్టిదారులు ఉన్నాయేమో చూడాలి. ద్వారబంధాలను, కిటికీ చట్రాలను తట్టి చూడాలి. డొల్ల శబ్దం వస్తే లోపల తిన్నట్లే. అటక, గోడ అల్మారాల వెనుక భాగం, స్నానాలగది వద్ద చెమ్మ పట్టిన గోడ మరువరాదు. చెక్క క్రింద సన్నని పొడి రాలి ఉంటే అది మరో రకం పురుగు పని. కొత్త రంగు ఒకే చోట ఉంటే కారణం అడగాలి. బాగుచేసే ఖర్చు ఎంతో వ్రాయించుకొని, దానిని తగ్గించుకొనే పాట హద్దు నిర్ణయించుకోండి. లోపలికి వెళ్ళి చూసే వీలు లేని ఇంటిని వదిలివేయడమే మేలు.

ఇంకొక మాట. ఆ ఇంట్లో అప్పు తీర్చలేకపోయిన కుటుంబం ఇంకా ఉండవచ్చు. సలాం చెప్పి, అనుమతి లేనిదే ఇతరుల ఇళ్ళలో ప్రవేశించవద్దని ఖుర్ఆన్ ఆదేశం. వేలం ప్రకటన ఆ మర్యాదను రద్దు చేయదు. చెదలు ఎక్కడ పట్టాయో వారికంటే బాగా తెలిసినవారు ఉండరు. గౌరవంగా అడిగితే చెప్పవచ్చు.

మా పరిచయస్థులు చివరికి, "పైన సిమెంటు పూయించి అమ్మివేస్తాను" అన్నారు. తడిసిన ధాన్యాన్ని అడుగున దాచిన వ్యాపారిని మహాప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మందలించిన సంగతి మేము గుర్తు చేశాము. తనకు జరిగిన నష్టాన్ని మరొకరి నెత్తిన పెట్టే అధికారం ఎవరికీ లేదు. వారు చాలాసేపు మౌనంగా కూర్చున్నారు. తరువాత చట్రాలు మార్పించి, గోడల వెంబడి రంధ్రాలు వేయించి మందు పోయించారు. ఆ ఇంట్లోనే ఉంటున్నారు. కుమార్తె నికాహ్ మసీదులో నిరాడంబరంగా జరిగింది. దానికి పెద్ద సొమ్ము అవసరమే పడలేదు.

అల్లాహ్ మన ఇళ్ళలో శుభాన్ని, మన లావాదేవీలలో నిజాయితీని ప్రసాదించుగాక! ఆమీన్.